మూడు లైన్లు కొట్టేయందే ప్రింటు తీయని పరశురాం

రెజ్యూమేలో కనీసం మూడు లైన్లు కొట్టేయందే పరశురాం అంకుల్ ప్రింటు తీయరు. నాంపల్లి స్టేషన్ నుంచి అబిడ్స్ వెళ్లే దారిలో, ఓ సందు మొదట్లో ఆయన జిరాక్స్ షాపు. సాఫ్ట్‌వేర్ పిల్లలు పైకి రావాలంటే రెజ్యూమేలో ఇంకా చేర్చాలి, ఇంకా చేర్చాలి అని బోధించే మహానుభావులకు ఈ రోజుల్లో లోటు లేదు. కొందరు పొద్దున్నే అయిదింటికి లేచి మరీ ఫోన్లో బోధిస్తారు. మా అంకుల్ పదింటికి షట్టర్ ఎత్తి ఇచ్చే సలహా ఒక్కటే: "తీసెయ్."

ఆయన కంప్యూటర్ పరిజ్ఞానమంతా ప్రింటు బటన్ నొక్కడం, కాగితం ఇరుక్కుంటే మిషన్ను తిట్టడం. అయినా ఎవరి రెజ్యూమే వచ్చినా ముందు ఓ చిత్తు కాపీ తీసి, ఎర్ర పెన్నుతో లైను లైనుకూ విచారణ జరుపుతారు. తనకు అర్థంకాని లైను తన మిషన్లోంచి బయటికి రాకూడదట.

మా స్నేహితుడు మహీధర్ తన రెజ్యూమేలో "క్లౌడ్ నిపుణుడు" అని రాసుకున్నాడు.

"క్లౌడ్ అంటే ఏంది?"

"మన డేటా మన దగ్గర కాకుండా వేరేచోట ఉంటది అంకుల్."

"ఏడుంటది?"

"అది... తెల్వది."

"ఏడుందో తెల్వదు, నిపుణుడివైతివి. తీసెయ్. గీ కిందిదేంది, టీమును నడిపించిన అని? ఎంతమంది?"

"ఇద్దరం."

"నువ్వుగాక ఇంకోడు ఎవడు?"

"మా మేనేజర్."

ఆ లైను మీద పెన్ను ఎంత గట్టిగా నడిచిందంటే కాగితం చిరిగింది. మహీధర్ రెండు పేజీలతో వచ్చి అరపేజీతో వెళ్లాడు. ఆ అరపేజీలో సగం వాళ్ల ఇంటి అడ్రస్సే.

పెళ్లి బయోడేటాలకూ ఇదే మర్యాద. అయిదడుగుల పదకొండు అంగుళాలని రాసుకొచ్చిన ఓ పెళ్లికొడుకును గోడకు నిలబెట్టి టేపుతో కొలిచారు. రెండంగుళాలు కొట్టేశారు. అబ్బాయి మళ్లీ ఆ సందులో కనబడలేదు. పక్కనే ఏది ఇస్తే అది ప్రింటు తీసే ఇంకో షాపుంది. అది కిటకిటలాడుతుంటుంది. అంకుల్ భార్య సౌభాగ్య ఆంటీ గల్లా దగ్గర కూర్చుని అటే చూసి నిట్టూరుస్తారు. "గిరాకీని కూడ కొట్టేస్తడు బిడ్డా ఈయన" అంటారు.

ఇక నా సంగతి. ప్రాజెక్టు మూతబడి నా ఉద్యోగం పోయి నాలుగు నెలలైంది. ఇంట్లో చెప్పలేదు. అమ్మ రోజూ డబ్బా కట్టిస్తోంది, నేను లాప్‌టాప్ బ్యాగు తగిలించుకుని పబ్లిక్ గార్డెన్స్‌లో బెంచీ మీద డ్యూటీ చేస్తున్నాను. పదకొండు కంపెనీలు వద్దన్నాయి. నాకున్న అనుభవం ఏడాదిన్నర. అందరూ చేసినట్టే నేనూ ఓ కన్సల్టెన్సీని ఆశ్రయించాను. వాళ్లు నా మీద దయతలచి, నేనెప్పుడూ చూడని ఓ కంపెనీలో నాచేత కాగితం మీద రెండేళ్లు పనిచేయించారు. లెటరు, స్టాంపు, నా కష్టాన్ని మెచ్చుకుంటూ ఓ పేరా, అన్నీ ఇచ్చారు. ఆ రెజ్యూమే పట్టుకుని అంకుల్ షాపుకెళ్లాను, మర్నాడే ఇంటర్వ్యూ. ఇదీ పోతే ఇంట్లో చెప్పక తప్పదు.

"గీ కంపెనీ ఏడుంది?" అన్నారు అంకుల్, ఆ రెండేళ్ల మీద పెన్ను ఆనించి.

"లక్డీకాపూల్ అంకుల్. ఇదిగో అడ్రస్, ఈ బిల్డింగ్."

"ఎన్నో అంతస్తు?"

"నాలుగు."

"చాయ్ మంచిగుంటదా గాడ?"

"చాలా బావుంటుంది."

"గా బిల్డింగ్‌కు మూడే అంతస్తులు బిడ్డా. దినాం గాడికి జిరాక్స్ కాగితాలు నేనే ఏస్త."

రెండేళ్లూ ఒక్క గీతతో పోయాయి. నాకు ఒళ్లు మండింది. "అందరూ ఇలాగే పెడుతున్నారండీ! నిజం రాస్తే ఎవరు పిలుస్తారు?"

ఆయన వినిపించుకుంటేగా! తర్వాతి లైనుకు వెళ్లిపోయారు. "పేమెంట్ వ్యవస్థకు కొత్త రూపమిచ్చిన అని రాసినవ్. నిజంగ ఏం జేసినవ్?"

"ఓటీపీ రెండుసార్లు వస్తుంటే, ఎందుకొస్తోందో ఎనిమిది రోజులు వెతికి సరిచేశాను."

"ఒక్కదానివేనా?"

"ఒక్కదాన్నే."

"ఎట్ల దొరికింది?"

చెప్పాను. కోపంలో పావుగంట చెప్పాను. మధ్యలో ఒక గిరాకీ వస్తే అతన్ని చేత్తో ఆగమని సైగ చేశారు. అంతా విని, "గదే రాయి" అన్నారు. తర్వాత "ఇంటర్వ్యూ ఏ కంపెనీల?" అని అడిగారు. ఈయనకెందుకీ ఆరాలన్నీ అని విసుక్కుంటూనే చెప్పాను. అయిదే అయిదు లైన్ల రెజ్యూమే చేతిలో పెట్టారు. నేను మాత్రం తెలివిగా పక్క షాపుకెళ్లి, నాలుగో అంతస్తు ఉన్న రెజ్యూమే కూడా ప్రింటు తీయించుకున్నాను.

మర్నాడు ఇంటర్వ్యూ గది బయట రెండు రెజ్యూమేలూ ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాను. లోపల ఎవరైనా చాయ్ గురించి అడిగితే? నా పేరు పిలిచారు. అయిదు లైన్లదే తీసుకుని లోపలికెళ్లాను.

ఎదురుగా మృదుల అని టీమ్ లీడ్. కాగితం చూడగానే నవ్వింది. "పరశురాం అంకుల్ దగ్గర తీయించారా?"

ఆవిడ ఫోన్ తీసి చూపించింది. ఎర్రగీతలతో నా చిత్తు కాపీ ఫొటో. కింద వాయిస్ మెసేజ్: "మృదులా, రేపు గీ పిల్ల మీ తానకు వస్తది. మిగిలిన అయిదు లైన్లు నేను గుచ్చి గుచ్చి అడిగిన, నిజమే. ఓటీపీ సంగతి అడుగు, మస్తు చెప్తది. జర చూడు బిడ్డా."

"ఆరేళ్ల కింద నావి తొమ్మిది లైన్లు కొట్టేశారు" అంది మృదుల. "మా కంపెనీలోనే ముగ్గురం ఉన్నాం. వేరే కంపెనీల్లో ఎంతమందో. తను నమ్మినవాళ్ల కోసం ఆయనే ఇలా మెసేజ్‌లు పెడుతుంటారు. సరే, సిఫారసు ఇంతటితో అయిపోయింది. ఇప్పుడు కోడ్ రాయండి."

రెండు గంటలు రాయించింది. సాయంత్రం ఫోన్ వచ్చింది, తీసుకున్నామని.

అమ్మకు చెప్పాను, ఉద్యోగం వచ్చిందని. "ఉన్నదానికేమైందే?" అంది అమ్మ. మొత్తం చెప్పేశాను. అంతా విని, "నాలుగు నెలలూ ఆ అన్నం ఎక్కడ కూర్చుని తిన్నావే?" అని కళ్లు తుడుచుకుంటూ అడిగింది. నేనూ ఏడ్చాను, నాలుగు నెలల బరువు దిగిపోయింది.

మర్నాడు షాపుకెళ్లి నిలదీశాను. "నన్నడక్కుండా నా రెజ్యూమే ఎందుకు పంపారు అంకుల్?"

"నేనా? నేనేం పంపలే. ఫోన్ల వేలు తాకి పోయినట్టుంది."

"వాయిస్ మెసేజ్ కూడానా?"

"ఔ. గది కూడ."

సౌభాగ్య ఆంటీ కొంగు నోటికి అడ్డం పెట్టుకున్నారు. అంకుల్ మిషన్ మూత తెరిచి, ఇరుక్కోని కాగితం కోసం లోపల వెతకసాగారు. ఇన్నాళ్లూ ఇంతమంది అబద్ధాలు పట్టుకున్న మనిషికి ఒక్కటి చెప్పడం చేతకాలేదు. అయినా సరే, ఆ లైను నేను కొట్టేయలేదు.