వాసన రాని పూట

మా నెమురిసావాకి కొత్తగా వచ్చేవాళ్ళు బస్సు దిగగానే ముక్కు మూసుకుంటారు. ఊరంతా కుళ్ళిన కోడిగుడ్డు కంపు. వాళ్ళ అవస్థ చూసి మేం లోలోపల నవ్వుకుంటాం. ఆడవాళ్ళ స్నానాలగది చూసుకునే ఇసో మాత్రం నవ్వేది కాదు. "మూసుకోనీ పాపం. కంపు కొడుతోందంటే బతికున్నట్టే" అనేది.

మా ఊరి పేరుకి నిద్రపోయే వాగు అని అర్థం. ఎంత చక్కటి పేరు అని పట్నం వాళ్ళు మెచ్చుకుంటారు. ఆ పేరు ఎందుకొచ్చిందో మేం వాళ్ళకు చెప్పం.

కొండ కడుపులోంచి వేడినీళ్ళతో పాటు గంధకపు గాలి కూడా వస్తుంది. కొద్దిగా ఉంటే కంపు కొడుతుంది, అంతే. బాగా ఎక్కువైతే అది మొట్టమొదట ముక్కునే చంపుతుంది. హమ్మయ్య, కంపు పోయింది అనుకుని మనిషి గుండెల నిండా గాలి పీలుస్తాడు. తర్వాత అలసిపోయినవాడిలా కూర్చుంటాడు. మళ్ళీ లేవడు. ఆ గాలి బరువైనది. పైకి పోదు, నేల పట్టుకుని పాకుతుంది, పల్లంలో నిలుస్తుంది. మంచు మూత పడిందంటే అక్కడే కాచుకుని ఉంటుంది.

ఇసో పుట్టింది సముద్రపు ఒడ్డున, చేపలు పట్టేవాళ్ళ ఇంట్లో. పెళ్ళయి మా కొండల్లోకి వచ్చింది. ఆ మొదటి చలికాలంలోనే ఊటబావి దగ్గర ఒక ఘోరం జరిగింది. తూములో గట్టిపడిన తెల్లటి గార గీకడానికి ఆమె బావగారు దిగాడు. గీకుతూ గీకుతూ గోడకానుకుని కూర్చున్నాడు. పిలిస్తే పలకలేదు. మామగారు కేకపెడుతూ దిగాడు. కొడుకు పక్కన తనూ కూర్చున్నాడు, ఇద్దరూ ఏదో మాట్లాడుకుంటున్నట్టు. ఇసో భర్త కోటు విప్పి పారేసి దిగబోయాడు. అప్పుడు అత్తగారు, పిడికెడంత మనిషి, కొడుకు నడుముకి అడ్డంగా పడిపోయి పట్టేసుకుంది. అతను అమ్మని గుద్దాడు. ఆమె వదల్లేదు. "ఇసో! కాళ్ళు పట్టుకోవే! రెండోవాడు ఎలాగూ పోయాడు, మూడోవాణ్ణి దిగనివ్వకు!" అని అరిచింది. కొత్త పెళ్ళికూతురు మంచులో బోర్లా పడి మొగుడి కాళ్ళు పట్టుకుంది.

అతను బతికాడు. కానీ అమ్మ చేతి అన్నం మళ్ళీ తినలేదు.

"మా సముద్రం నయమే కియో. అరుస్తూ మీదికొస్తుంది, పారిపోవచ్చు. ఇది జోకొట్టి తీసుకుపోతుంది" అని ఇసో ఒకసారి నాతో అంది. అంటూ కూడా గొంతు తగ్గించింది, ఎవరో వింటున్నట్టు.

అత్తగారి తర్వాత స్నానాలగది బాధ్యత ఇసోకి వచ్చింది. మాది పాతకాలపు కట్టడం. వాగు పక్కన, గట్టు వాలులో, దారికన్నా పల్లంలో ఉంటుంది. తలుపు తీసి మెట్లు దిగితే ఒకటే పెద్ద గది. నీళ్ళ తొట్టీ, బట్టలు పెట్టుకునే అరలూ అన్నీ అందులోనే. వెనకవైపు, ఇసో మంచు తవ్వడానికి వెళ్ళేందుకు తప్ప ఎవరూ వాడని చిన్న పెరటి తలుపు ఉంది. గోడల అడుగున, నేలను ఆనుకుని, గాలి బయటికి పోయే కంతలుంటాయి. చలికాలమంతా ఇసో పని ఆ కంతలు మంచుతో పూడిపోకుండా చూడడమే. పార పట్టుకుని కట్టడం చుట్టూ తిరుగుతూనే ఉండేది. తవ్విన చోట మళ్ళీ పడేది. మళ్ళీ తవ్వేది. మిగిలిన పొద్దంతా గడపలో, అంటే తలుపుకి ముందు బూట్లు విడిచే చిన్న గదిలో, పొయ్యి పక్కన కూర్చుని చెవులు రిక్కించి ఉండేది. లోపల ఎవరి మాటైనా ఆగితే చాలు, తలుపు కొట్టేది.

"షిగే! ఉన్నావా?"

"లేను! చచ్చాను!"

"చచ్చినదానివి కాస్త మెల్లిగా అరువు, చెవులు పోతున్నాయి."

షిగే ఆమె ఈడుదే. ఇద్దరూ ఒకే ఏడాది కోడళ్ళుగా వచ్చారు. ఇసోని 'పిరికి ఇసో' అని మొదట పిలిచింది షిగేనే, తర్వాత ఊరంతా అదే పేరు పట్టుకుంది. ఇసో ఏమీ అనుకునేది కాదు. ఒక్క విషయంలో మాత్రం ఎవరినీ వదిలేది కాదు. స్నానం చేసి బయటికి వచ్చేవాళ్ళు "నేను ముందెళ్తున్నా" అని గట్టిగా చెప్పాలి. ఏ స్నానాలగదిలోనైనా ఇది మర్యాద మాటే. మా ఊళ్ళో అది లెక్క కూడా. ఆ మాట చెప్పనివాళ్ళు ఇంకా లోపలే ఉన్నట్టు.

నేను చెప్పబోయే రోజు మధ్యాహ్నం నేను ముందుగా స్నానం ముగించుకుని, ఆ మాట చెప్పి, ఇసో పొయ్యి దగ్గర జుట్టు ఆరబెట్టుకుంటున్నాను. చాలా రోజుల తర్వాత ఎండ కాసింది. కప్పు మీద మంచు నీరుకారుతోంది. షిగే అప్పటికి చాలాసేపటి నుంచీ లోపలే ఉంది. ఇసో తలుపు తీసి కేకేసింది.

"షిగే, బయటికి రావే. ఉడికిపోతావు."

"నా ఒళ్ళు నా ఇష్టం. పిరికిదానివి, నువ్వు దిగవు, దిగినవాళ్ళని ఉండనివ్వవు!"

"ఇంటికెళ్ళడం ఇష్టం లేక నానుతున్నావులే. మీ ఆయన గిసాకు పొద్దున్నే సీసా తెరిచాడేమో."

నవ్వులాటకే అంది. కానీ ఆ వారమంతా షిగే ఇంట్లో ఆ సీసా గురించే గొడవ. లోపలి నుంచి జవాబు రాలేదు. "ఉన్నావా?" అని ఇసో మళ్ళీ అడిగితే, "నీతో మాట్లాడను, పో!" అని వినిపించింది. ఇసో నావైపు చూసి నాలుక కరుచుకుంది.

అప్పుడే సత్రంలో దిగిన పట్నపు అమ్మాయి తువ్వాలు పట్టుకుని వచ్చింది. ఇసో ఆమెకు మెట్లు చూపించి, కళ్ళు తిరిగినట్టుంటే వెంటనే వచ్చేయమని చెప్పి పంపింది.

కాసేపటికి కట్టడం అంతా అదిరేలా దబ్బుమని చప్పుడు. కప్పు మీద మిగిలిన మంచు ఒక్కసారిగా జారిపడింది. కొంత అంతకుముందే చప్పుడు లేకుండా జారి కంతలు మూసేసిందని మాకు తర్వాత తెలిసింది. ఇసో పార అందుకుని లేచింది. అంతలోనే తలుపు తెరుచుకుని పట్నపు అమ్మాయి బయటికి వచ్చింది. ముఖం పాలిపోయి ఉంది. అయినా మర్యాదగా నవ్వింది.

"చాలా హాయిగా ఉందండీ అమ్మమ్మగారూ. కాస్త తల దిమ్ముగా ఉందంతే. మొదట్లో వాసన భరించలేకపోయాను. ఇప్పుడు అసలు లేదు."

ఇసో చేతిలో పార కింద పడింది.

ఆ అమ్మాయి చెయ్యి పట్టుకుని బయటికి ఈడ్చి మంచులో కూర్చోబెట్టింది. తలుపు బార్లా తెరిచి వెనక్కి గెంతింది. "లోపల ఇంకొకావిడ ఉందా? చెప్పు తల్లీ, ఉందా?"

"నేను దిగేటప్పుడు ఉన్నారు. తర్వాత ఆవిరిలో ఏం కనబడలేదండీ..." ఆ అమ్మాయి మాట పూర్తి చెయ్యకుండానే వాంతి చేసుకుంది.

గడపలో షిగే బూట్లు ఉన్నాయి. నల్ల రబ్బరు బూట్లు, మడమ దగ్గర ఎర్రగుడ్డ అతుకు. "ముందెళ్తున్నా" అన్న మాట మేమిద్దరం వినలేదు.

"షిగే!" అని ఇసో అరిచింది. మెట్ల కింద ఆవిరి తెల్లగా, కదలకుండా ఉంది. ఏ చప్పుడూ లేదు. నీళ్ళు తొట్టిలోకి పడుతున్న శబ్దం ఒక్కటే.

"కియో, ఫోను చెయ్యి! గాలి ముసుగులున్నవాళ్ళని రమ్మను! గంట కొట్టు!"

నేను ఎదురుగా ఉన్న ఇసో ఇంట్లోకి పరిగెత్తి కింది ఊరి అగ్నిమాపకదళం వాళ్ళకు ఫోను చేశాను. దారిలో మంచు ఉంది, వస్తున్నాం, ఎవరూ లోపలికి వెళ్ళొద్దు అన్నారు. గట్టు మీదికెక్కి, ఆపదలో కొట్టే ఇనపగంట కొట్టాను. తిరిగొచ్చేసరికి ఇసో గోడవారగా మోకాళ్ళ మీద కూర్చుని, పారతో, చేత్తో, కంతల మీద పడిన మంచు తవ్వుతోంది. కాస్త తవ్వడం, దూరంగా పరిగెత్తి ఊపిరి తీసుకోవడం, మళ్ళీ రావడం. ప్రతిసారీ "షిగే, షిగే" అంటోంది, తిడుతున్నట్టు.

గంట విని గిసాకు వచ్చాడు. గడపలో ఆ బూట్లు చూశాడు. చొక్కా గుండీలు లాగేసుకుంటూ తలుపు వైపు నడిచాడు.

ఇసో పార వదిలేసి అతని నడుము మీద పడింది.

"వదులు వదినా!"

"దిగకు గిసాకూ. ముసుగులవాళ్ళు వస్తున్నారు."

"వచ్చేసరికి చస్తుంది! నా పెళ్ళాం లోపలుంది, వదులు!"

"నువ్వు దిగితే నువ్వూ పోతావు. కియో, కాళ్ళు పట్టుకో!"

పట్టుకున్నాను. నా బుగ్గ అతని తడి ప్యాంటుకి ఆని ఉంది. అతను తంతున్నాడు, ఏడుస్తున్నాడు. "హంతకురాలా! పిరికిముండా! నీ భయం కోసం దాన్ని చంపుతావా!" అతని మోచెయ్యి ఇసో నోటికి తగిలి రక్తం వచ్చింది. ఆమె ముఖం అతని వీపుకి అదుముకుని, వేళ్ళు వేళ్ళలో మెలేసి పట్టుకుంది. నాకు మెట్ల కింద ఆవిరి కనిపిస్తూనే ఉంది. అందులో షిగే కూర్చుని ఉంటుంది అనుకున్నాను. పొద్దున నా చేతిలో ముల్లంగి ఊరగాయ పెట్టిన షిగే. మేము ఆమెను చంపుతున్నాం అనుకున్నాను. అయినా చేతులు వదల్లేదు. వదిలితే ఇతనూ ఆమె పక్కన కూర్చుంటాడు. ఆ తర్వాత ఇసో వెళ్తుందేమో, ఆ తర్వాత నేనేనేమో. అంత భయం నా బతుకులో మళ్ళీ ఎరగను. మా ముగ్గురి ఊపిరీ ఒకే జంతువు రొప్పినట్టు వినిపించింది.

"ఏంటే ఇది? మా ఆయన మీద పడి ఏం చేస్తున్నారే ఇద్దరూ?"

వెనక్కి తిరిగి చూశాం. పై దారిలోంచి షిగే దిగివస్తోంది. నెత్తికి తువ్వాలు, కాళ్ళకి మంచు తవ్వేటప్పుడు వేసుకునే గడ్డిబూట్లు. పెరటి తలుపు దగ్గర ఎప్పుడూ పడుండేవి.

ఇసో అన్న మాటకి ఉడుక్కుని, గడపలో ఆమె ముఖం చూడడం ఇష్టం లేక, పెరటి తలుపు తీసుకుని ఆ గడ్డిబూట్లలో కాళ్ళు దూర్చి వెళ్ళిపోయిందట. ఆ మాట కావాలనే చెప్పలేదట. వెనక వీధిలో చెవుడున్న పిన్ని ఇంట్లో, టీవీ హోరులో, ఇసోని ఆడిపోసుకుంటూ కూర్చుందట. గంట కొడుతోందని చివరికి పక్కింటివాళ్ళు వచ్చి చెప్పారట.

గిసాకు మంచులో కూలబడ్డాడు. ఇసో చేతులు విప్పుకోవడానికి కాసేపు పట్టింది. వేళ్ళు విడివడలేదు. నేనే ఒక్కొక్కటీ విడదీశాను.

ముసుగులవాళ్ళు వచ్చి, లోపలికి వెళ్ళి, ఖాళీ గది చూసి వచ్చారు. కొలిచే పెట్టె మెట్ల మీదే మోగిందని చెప్పారు. గిసాకు అడుగు పెట్టి ఉంటే మెట్ల కింద దాకా కూడా వెళ్ళేవాడు కాదన్నారు. ఆ మాట విని గిసాకు తల ఎత్తలేదు. పట్నపు అమ్మాయిని ఆసుపత్రికి తీసుకెళ్ళారు. కోలుకుంది.

స్నానాలగది కొన్నాళ్ళు మూసి, కంతలకు పైన చూరు కట్టాక తెరిచారు. గిసాకు ఇసో ఎదురుపడితే వాగు అవతలి దారి పట్టేవాడు. షిగే తెరిచిన రోజే వచ్చింది. ఇసోని కూడా దిగమంది. గడపలో నన్ను కూర్చోబెట్టి ఇద్దరూ దిగారు. తలుపు తెరిచే ఉంచమన్నారు. షిగే ఇసో వెనక కూర్చుని ఆమె వీపు రుద్దుతోంది. చాలాసేపు గుడ్డ చప్పుడే వినిపించింది.

"ఇసో. నేను నిజంగా లోపలే ఉండుంటే?"

"ఉన్నావనే అనుకున్నాను కదే."

"అనుకునే ఆయన్ని పట్టుకున్నావా?"

"పట్టుకున్నాను."

"నా అరుపు వినిపించి ఉంటే?"

"వినిపించినా వదిలేదాన్ని కాదు షిగే."

గుడ్డ చప్పుడు ఆగిపోయింది. నేను లేచి మెట్ల దగ్గరికి వెళ్ళాను. ఎందుకో తెలీదు, షిగే ఏమైనా చేస్తుందేమోనని భయమేసింది. ఆవిరిలో ఇసో వంగిన వీపు, ఆ వీపు మీద షిగే అరచెయ్యి కనిపించాయి. షిగే ఏడవడం లేదు. కోపంగా కూడా లేదు. ఆమె ముఖం ఎత్తైన చోటు నుంచి కిందికి చూస్తున్న మనిషి ముఖంలా ఉంది.

"ఆయన్ని మాత్రం దిగనివ్వవు" అంది చివరికి.

"దిగనివ్వను."

షిగే గుడ్డ ముంచి, పిండి, మళ్ళీ రుద్దడం మొదలుపెట్టింది. గట్టిగా రుద్దింది. ఇసో వీపు ఎర్రగా కందిపోతున్నా ఆపలేదు. ఇసో ఆపమనలేదు.

ఆ తర్వాత ఇసో బతికున్నన్నాళ్ళూ షిగే స్నానానికి వస్తూనే ఉంది. గడపలో వేరెవరైనా కూర్చుని ఉంటే మాత్రం దిగేది కాదు. ఇసో వచ్చేదాకా చలిలో బయటే నిలబడేది.