ఖాజాబీ మూట

ఖాజాబీ గురించి చెప్పాలంటే ముందు నా సిగ్గు చెప్పుకోవాలి. అది దాచి చెబితే మళ్లీ నా డబ్బా నేను కొట్టుకున్నట్టే. డబ్బా కొట్టడం నాకు కొత్త కాదులెండి, అదే నా బతుకుదెరువు. గద్వాలలో నాది మైకుసెట్టు దుకాణం. పెళ్లిళ్లు, ఉర్సులు, జాతరలు, ఏదైనా సరే ఆటోకు మైకు కట్టుకుని ఊరంతా తిరిగేది ఈ కురుమూర్తే. నోరు మంచిదైతే ఊరు మంచిదంటారు. నా నోరు పెద్దది. మంచిదో కాదో ఎవరూ అడగలేదు, నేనూ అడుక్కోలేదు.

ఖాజాబీది మా ఎదురిల్లు. నాకంటే పదేళ్లు పెద్దది. భర్త ఫకీర్ లారీ నడిపేవాడు, ప్రమాదంలో పోయాడు. అప్పటినుంచి ఆమె వాకిట్లో కుట్టుమిషను వేసుకుని రవికలు, లోపలి లంగాలు కుడుతూ ఇద్దరు పిల్లల్ని పెంచింది. ఎవరితోనూ గట్టిగా మాట్లాడిన మనిషి కాదు. కుట్టగా మిగిలిన గుడ్డ మాత్రం పారేయదని మా ఆవిడ చెప్పేది. బాలింత ఉన్న ఇంటికి మెత్తటి గుడ్డలు, పెద్దమనిషైన పేదపిల్లకు రెండు లంగాలు కొంగు కింద దాచుకుని పోయి ఇచ్చి వచ్చేదట. దారిలో ఎవరైనా అడిగితే కొలతలకు పోతున్నానని చెప్పేదట. అది విని నేను నవ్వాను. దానమంటే పదిమందికీ తెలియాలి కదా, దొంగతనంలా ఇదేం దానం అన్నాను.

రెండువేల తొమ్మిది అక్టోబరులో తుంగభద్ర పొంగి ఒడ్డున ఉన్న ఊళ్లను ముంచేసింది. మా వీధిలో ధాన్యం వ్యాపారం చేసే రామచంద్రయ్య ఒక కమిటీ వేశాడు. పదకొండు మందిమి, అందరం మగవాళ్లమే. ఒక్క ఆడమనిషినైనా పిలుద్దామని ఎవరికీ తోచలేదు. నేను ఆటోలో మైకు పట్టుకుని ఇంటింటి ముందూ ఆగి బట్టలు అడిగాను. లోపలినుంచి ఆడవాళ్లు తెచ్చి ఇచ్చేవారు. "ఎవరిల్లమ్మా?" అని అడిగి ఇంటాయన పేరు మైకులో చెప్పేవాణ్ని. ఇచ్చే చెయ్యి ఒకరిది, మోగే పేరు ఇంకొకరిది. ఒకింట్లో ఇల్లాలు పెట్టెలోంచి కొత్త చీర తీసి ఇస్తే, ఎందుకిచ్చావని మొగుడు కసిరాడు. అంతలోనే మైకులో తన పేరు విని చల్లబడి మీసం సవరించుకున్నాడు.

ఖాజాబీ ఒక మూట తెచ్చింది. "పేరొద్దు తమ్మీ. ఇప్పకు, గట్లనే బండిల పెట్టు" అని మెల్లగా చెప్పింది. విప్పొద్దంటే నాకు చేతులు ఆగవు కదా. ముడి లాగాను. నాడాలు ఎక్కించిన కొత్త లంగాలు, కొన్ని వదులు రవికలు, ఉతికి మడతపెట్టిన తెల్లటి పాతగుడ్డలు. చేతిలో మైకు ఉందన్న సంగతి నాకు బాగానే గుర్తుంది. అదే నా పాపం.

"అరే ఖాజక్కా, వరదోళ్లకు బట్టలియ్యమంటే లోపటియి ఇస్తున్నవేంది? గివి నేను ఎవరి చేతిల పెట్టాలె?"

చౌరస్తా దాకా వినబడింది. వీధంతా పకపకా నవ్వింది. అలాంటివి కమిటీ బ్యానరు కింద పెడితే ఇజ్జత్ పోతుందని రామచంద్రయ్య కూడా అన్నాడు. నవ్వు నాలుగు విధాల చేటని పెద్దలు అన్నారు గానీ, ఆ పూట ఆ నవ్వులు నాకు సన్మానంలా అనిపించాయి. ఆమె మళ్లీ ముడి వేసుకుని, మూట చంకలో పెట్టుకుని లోపలికి పోయింది.

మర్నాడు పొద్దున్నే డీసీఎం వ్యానులో చీరలు, చొక్కాలు, పంచెలు, బియ్యం వేసుకుని ఏటి ఒడ్డుకు వెళ్లాం. ఒక ఊరివాళ్లను మెట్టమీది బడిలో ఉంచారు. బ్యానరు కట్టి నేను మైకు అందుకున్నాను. మగవాళ్లు వచ్చి వరుసలో నిలబడ్డారు. ఆడవాళ్లు ఒక్కరూ రాలేదు. అమ్మలారా అక్కలారా అని గొంతు పోయేలా పిలిచాను. ఇంత దూరం తెచ్చి ఇస్తుంటే ఇంత బెట్టు ఏమిటని రామచంద్రయ్య విసుక్కున్నాడు. నాకూ ఒళ్లు మండింది.

చివరికి ఒక గది తలుపు కొంచెం తెరుచుకుని హన్మమ్మ అనే ముసలామె బయటికి వచ్చింది. ముందు మైకు బంద్ చేయమంది. తర్వాత నన్ను పక్కకు పిలిచి గొంతు తగ్గించి చెప్పింది.

"చీరెలు తెచ్చినవు, మంచిదే. లంగ లేకుంటే చీరె దేంట్ల చెక్కాలె బిడ్డా? కట్టుబట్టలతోని ఉరికొచ్చినం. మూడు దినాల సంది అవే తడుస్తున్నయి, అవే ఆరుతున్నయి. ఇద్దరు పిల్లలు ముట్టయిండ్రు, ఓ పాతగుడ్డ లేదు. గింతమంది మొగోళ్ల ముంగట ఎట్ల నడుస్తరు? బయటికి పోవాల్సొస్తదని నీళ్లు గూడ తాగుతలేరు."

నాకు తల కొట్టేసినట్టయింది. లోపల పద్దెనిమిది మంది ఆడవాళ్లు నిన్నటినుంచి ఏమీ తినలేదట. వాళ్లకు కావలసినవి ఏవో ఖాజాబీ అడగకుండానే మూటగట్టి తెచ్చింది. నేను వాటిని వీధిలో విప్పి నవ్వులపాలు చేశాను. భూమి చీలితే అందులోకి దిగిపోదామనిపించింది. సంగతి రామచంద్రయ్యకు చెప్పలేదు. మిగతా బియ్యం కోసం వ్యాను గద్వాలకు మళ్లుతుంటే ఎక్కి కూచున్నాను.

వెళ్లేసరికి ఖాజాబీ మిషను మీద ఉంది. గడప అవతల నిలబడి, అక్కా, అక్కడ ఆడవాళ్లకు అవి కావాలట అన్నాను.

"ఏవి?" అంది తల ఎత్తకుండా.

"అవే, నిన్నటియి."

"పేరు లేదా వాటికి?"

ఊరంతా వినేలా అరిచినవాణ్ని, ఆ గడప దగ్గర ఆ మాట అనడానికి నాకు చెమటలు పట్టాయి. ఎలాగో అన్నాను, నా గొంతు నాకే వినబడలేదు. ఆమె దారం తెంపి, మిషను మీది గుడ్డ మడిచి మూటలో పెట్టింది. నిన్న నేను పోయాక ఇంకో పది కుట్టిందట. సాయంత్రం బస్సుకు తానే తీసుకుపోదామనుకుందట. శ్రీశైలం డ్యాం నీళ్లలో తమ ఊరు మునిగినప్పుడు తానూ ఇలాగే ఒక బడిలో ఉన్నానని, ఆ వారం మర్చిపోలేదని చెప్పింది. నేను వెళ్లకపోయినా ఆ మూట అక్కడికి చేరేది. ఆ మాట విన్నాక తల ఎత్తలేకపోయాను.

ఆమె మూట ఒళ్లో పెట్టుకుని డ్రైవరు పక్కన కూచుంది. నేను వెనక బియ్యం మూటల మీద కూచున్నాను. బడి దగ్గర దిగి ఆమె మూటా, మేము తెచ్చిన చీరలూ తీసుకుని ఆ గదిలోకి పోయింది, తలుపు మూసుకుంది. చాలాసేపటికి ఆడవాళ్లు ఒకరి వెనక ఒకరు బయటికి వచ్చారు. మేమిచ్చిన చీరలే కట్టుకుని ఉన్నారు. అన్నం దగ్గర కూచుని తిన్నారు.

రామచంద్రయ్యకు హుషారు వచ్చింది. మూట ఎవరిదో, అందులో ఏముందో మైకులో చెప్పమన్నాడు. నేను ఖాజాబీ దగ్గరికి పోయి, తప్పు దిద్దుకుందామని, ఫకీర్ బావ పేరు చెప్పమంటావా, నీ పేరే చెప్పమంటావా అని అడిగాను. బుద్ధి రాలేదు నాకు అప్పటికీ.

"నా పరువు ఒక్కపారి తీసినవు, చాలు. గిప్పుడు చెప్పితే పోయేది ఆ పిల్లల పరువు. గమ్మునుండు."

గమ్మునే ఉన్నాను. ఇంతలో హన్మమ్మ ఆకు పారేసి, చేతులు కడుక్కుని నా దగ్గరికి వచ్చింది. రెండు చేతులతో నా మొహం నిమిరి మెటికలు విరిచింది.

"ఆ సాయిబుల అక్క చెప్పింది బిడ్డా. ఇంటింటికి తిరిగి మాకోసం అడిగి తెచ్చినవంట. మొగోనివై గూడ గింత ఆలోచన చేసినవు. నీ కడుపు సల్లగుండ."

ఖాజాబీ పక్కనే ఉంది. ఖాళీ అయిన మూటగుడ్డ మడత పెట్టుకుంటోంది, నా వైపు చూడలేదు. నేను కాదమ్మా, ఈమే అని ఒక్క మాట అంటే అయిపోయేది. నేను వంగి ఆ ముసలామె కాళ్లకు దండం పెట్టి దీవెన తీసుకున్నాను.