శుక్రవారం తీసేయాల్సిన కాపీ

మా సీనియర్ సార్ ఇక లేరన్న కబురు ఆఫీసు చాట్‌లో వచ్చింది. సోమవారం ఉదయం, ఇక్కడ కెనడాలో, బ్రాంప్టన్ బస్సులో కూర్చుని చదివాను. ఆదివారం ఇంట్లోనే గుండె ఆగిందట. కింద అందరూ సంతాపం రాస్తున్నారు. నేనూ రెండు ముక్కలు రాసి, నా స్టాపులో దిగి, వెళ్ళి పని మొదలుపెట్టాను. ఏడుపు రాలేదు. ఇప్పటికీ రాలేదు. అందుకే రాస్తున్నానేమో.

మాది గోడౌన్ల సాఫ్ట్‌వేర్ చూసే చిన్న టీమ్. ఏ లారీని ఏ గేటుకు పంపాలి, దాని కోసం ఎన్ని నిమిషాలు ఆగాలి అన్నవన్నీ కాన్ఫిగరేషన్ ఫైళ్ళలో వరసలుగా రాసి ఉంటాయి. ఒక వరస ముందు రెండు ఖాళీలు తగ్గినా ప్రోగ్రాం ఆ ఫైలును చదవదు. మేం వాటిని నల్లటి టెర్మినల్‌లో కమాండ్లు కొట్టి మారుస్తాం. ఆ పని నాకు నేర్పింది సార్. కాకినాడ మనిషి.

"ఇక్కడ సార్ అనరమ్మా. పేరు పెట్టి పిలువు" అన్నారు మొదటిరోజు.

"సరే సార్."

"బావుంది. ఇలాగే పోట్లాడుకుందాం, నేను రిటైరయ్యేదాకా."

మూడో నెలలో, ప్రొబేషన్ ఇంకా పది రోజులుందనగా, ఒక ఫైలులో ఒక సంఖ్య మార్చబోయాను. మార్చిన ఫలితాన్ని తిరిగి అదే ఫైలులోకి పంపమని కమాండ్‌లో రాశాను. అలా రాయకూడదని నాకు తెలియదు. కమాండ్ ఫైలును చదవకముందే దాన్ని ఖాళీ చేసేస్తుంది కంప్యూటర్. ఎంటర్ కొట్టాక తెరిచి చూస్తే అందులో ఒక్క అక్షరం లేదు. ఈ దేశంలో స్థిరపడడానికి నేను పెట్టుకున్న పీఆర్ అప్లికేషన్ ఆ ఉద్యోగం మీదే నిలబడి ఉంది. మా ఇంట్లో బడికి వెళ్ళినదాన్ని నేనొక్కదాన్నే.

"సార్, ఫైలు పోయింది."

కుర్చీ జరుపుకుని వచ్చి చూశారు. "సున్నా బైట్లు! శుభ్రంగా తుడిచావే. ఇంట్లో గిన్నెలు కూడా ఇలాగే తోముతావా?"

"ఉద్యోగం పోతుందా సార్?"

"నాది పోలేదుగా. ఇదే పని నేను నలభయ్యో ఏట చేశాను. నువ్వు చాలా ముందున్నావు."

ఆ ఉదయం ఆయన తీసి ఉంచిన కాపీని వెనక్కి పెట్టారు. మేనేజర్‌తో "మేము ఖాళీ చేశాం, మేమే సరిచేశాం" అన్నారు. ఆ 'మేము' అన్న మాటకి నేను ఆయనకి థాంక్స్ చెప్పలేదు. చెప్పాలని అప్పుడు తోచలేదు.

తర్వాత ఆయన పద్ధతి నేర్పారు. "ముందు కాపీ తియ్యి, తర్వాత చెయ్యి పెట్టు." కాపీ పేరు చివర తేదీ, తీసినవాళ్ళ పొడి అక్షరాలు ఉండాలి. మార్చాక పాతదాన్నీ కొత్తదాన్నీ పోల్చి చూడాలి. ఒక్క వరసే తేడా రావాలి. "ఒక్కటే మార్చానని నువ్వు చెప్తే చాలదమ్మా, ఫైలు చెప్పాలి."

ఒకసారి టీ వేళ మా అమ్మ ఫోన్ చేస్తే సార్‌కి ఇచ్చాను.

"మా పిల్ల ఆడ ఏం పని చేస్తదయ్యా?"

"రాసి ఉన్నదాంట్లో ఒక్క మాట మారుస్తుందమ్మా. పక్క మాట కదలకూడదు."

"అంటే మిరప చేన్ల కలుపు తీసినట్టే. మొక్క కదలొద్దు."

సార్ పకపకా నవ్వారు. "మీరే మా టీమ్‌లోకి వచ్చేయండమ్మా!" ఆ రోజు నుంచి నేను ఏ ఫైలు మార్చినా పక్క కుర్చీలోంచి అదే ప్రశ్న: "మొక్క కదల్లేదుగా?"

శుక్రవారం మధ్యాహ్నం కోటు వేసుకునే ముందు ఆ వారం కాపీలన్నీ తీసేసేవారు. ఒక్కోదానికీ కంప్యూటర్ 'తీసేయమంటారా?' అని అడిగేలా పెట్టుకుని, ఒక్కోదానికీ జవాబిచ్చేవారు. "పాతవి పోగుపడితే అసలుదేదో మనకే తెలీదు" అనేవారు.

ఆ సోమవారమే ఒక గేటు దగ్గర లారీ కోసం ఆగే సమయం పెంచాలని పని వచ్చింది. అది సార్ చూసే ఫైలు. అన్ని గోడౌన్లూ చదివేది దాన్నే. "నువ్వొక్కదానివే చేయగలవా? లేదంటే రేపు చూద్దాం" అన్నాడు మేనేజర్. చేస్తానన్నాను. తెరిస్తే ఆ సంఖ్య పైన సార్ ఇంగ్లీషులో రాసుకున్న గమనిక ఉంది. తెలుగులో చెబితే ఇంతే: 'దీన్ని తగ్గించొద్దు. మంచు రోజుల్లో డ్రైవర్లు ఆలస్యమవుతారు. వాళ్ళ తప్పు కాదు.'

కాపీ తీశాను. మార్చాను. పోల్చి చూశాను. ఒక్క వరసే తేడా. గమనిక ఎక్కడిదక్కడే ఉంది. మొక్క కదల్లేదు. ఎవరూ అడగలేదు. డబ్బాలోని అన్నం తిన్నాను. ఏం కూర తెచ్చుకున్నానో గుర్తులేదు.

శుక్రవారం మధ్యాహ్నం కోటు వేసుకోకముందే కాపీల జాబితా తెరిచాను. నావి నాలుగు. వాటి పైన సార్‌ది ఒకటి, కిందటి వారం గురువారం తేదీతో. ఆ రోజు ఒంట్లో బాగాలేదని తొందరగా వెళ్ళారు. మర్నాడు శుక్రవారం రాలేదు.

నావి నాలుగూ ఒక్కొక్కటిగా తీసేశాను. తర్వాత కంప్యూటర్ ఆయన కాపీ పేరు చూపించి, తీసేయమంటారా అని అడిగింది. చివర ఆయన పొడి అక్షరాలు రెండు. ఒక్క మీట నొక్కితే చాలు. బయట నా బస్సు వచ్చి, ఆగి, వెళ్ళిపోయింది. ఆ ప్రశ్న పక్కన కర్సర్ వెలుగుతూ, ఆరుతూ ఉంది.