జారిపోయిన ఇత్తడి పళ్ళెం

1974, దసరా ముందు రోజులు. విజయవాడలో ఏలూరు కాలవ పక్కన నాకొక లేత్ షాపు ఉండేది. మధ్యాహ్నం పూట కాలవ నీళ్ళ మీది వెలుగు మా రేకుల కప్పు మీద కదులుతూ ఉంటే, పనిచేస్తున్నానో కలగంటున్నానో నాకే తెలిసేది కాదు.

అలాంటి మధ్యాహ్నమే కంకిపాడులో పంతులుగారైన సత్యంగారు, ఆయన కూతురు రాజేశ్వరి ఒక ఇత్తడి పళ్ళెం పట్టుకుని వచ్చారు. వాళ్ళ సొంతూరు కూచిపూడి. ఆ పళ్ళెం అంచు మీద నిలబడి ఆయన తండ్రి నాట్యం చేసేవారట. తాత పోయాక, మనవరాలు దసరాకి మొదటిసారి దాని మీద ఆడబోతోంది. ఆ సంబరంలో సత్యంగారు ఎవరి దగ్గరో అంచు నొక్కులు సరిచేయించి, బఫింగ్ పట్టించారు. అంటే గుడ్డ చక్రంతో మెరుగు పెట్టించడం. ముఖం కనపడేంత నునుపు. ఈ తళతళలంటే నాకు మొదట్నుంచీ ఒళ్ళుమంట.

"ఎక్కగానే కాళ్ళ కింద చేప కదిలినట్టు జారిపోతోందండీ. నిన్న పడిపోయాను," అంది రాజేశ్వరి.

"వేరే పళ్ళెం తీసుకోరాదా అమ్మా?"

"ఇది తాతయ్యదండీ. ఇది కాకపోతే నేను ఆడను."

సత్యంగారు పళ్ళెం నా బల్ల మీద పెట్టారు.

నునుపు మీద పాదానికి దొరికేది పైపై చోటే. సన్నని గుంటలు పెడితే వాటి గోడలూ కలిసి ఉపరితలం పెరుగుతుంది, చెమట గుంటల్లోకి దిగి పాదం పట్టు దొరకబుచ్చుకుంటుంది. ఇప్పుడు ఈ పని లేజర్ కిరణంతో, కంటికి కనపడనంత సన్నగా చేస్తున్నారట. అప్పుడు నా దగ్గరున్నవి గుంటలు కొట్టే ఉక్కు పంచ్, సుత్తి.

ఎక్కడ కొట్టాలి? రాజేశ్వరి పాదాలకు తడి పసుపు రాసుకుని అంచు మీద నిలబడింది. పసుపు అంటిన చోటే కొట్టాను.

"గుచ్చుకుంటున్నాయండీ," అంది ఎక్కి చూసి. గుంటల అంచులు ఎమెరీ గరుకు కాగితంతో రుద్ది, మళ్ళీ ఎక్కమన్నాను.

ఈసారి నిలబడింది. వెనక లేత్ ఊరికే తిరుగుతోంది. ఆ చప్పుడుకే కాలివేళ్ళు కదిపింది. పళ్ళెం సిమెంటు గచ్చు మీద మెల్లగా సాగి, ఒక చుట్టు తిరిగింది. కింద పసుపు పాదాలు, పైన కదిలే నీటి వెలుగు. లేత్ ఆపడానికి నాకు చేతులు రాలేదు.

సత్యంగారు వంగి అంచు తడిమారు. "నాన్నగారి కాలివేళ్ళ నొక్కులు ఇక్కడే ఉండేవండీ. చిన్నప్పుడు వాటిలో వేలు పెట్టి చూసుకునేవాణ్ణి. సొట్టలనుకుని నేనే తీయించేశాను."

"గుంటలు నేను కొట్టగలనండీ. ఆయనవి మాత్రం తేలేను," అన్నాను.

దసరాకి ఆ పిల్ల పడలేదు.

చాలా ఏళ్ళ తర్వాత అదే పళ్ళెం అంచు ఒకచోట చిట్లిందని రాజేశ్వరి వచ్చింది. చూస్తే నా గుంటలు దాదాపు అరిగిపోయాయి.

"మళ్ళీ కొట్టనా అమ్మా?"

"వద్దండీ, జారటం లేదు. చిట్లిన చోటు మాత్రం అతకండి. నొక్కుల జోలికి వెళ్ళొద్దని నాన్న మరీమరీ చెప్పారు."

బొటనవేలితో తడిమాను. అప్పట్లో పసుపు అంటిన చోటల్లా అంచు మెత్తగా లోపలికి దిగి ఉంది. అవి ఆమె కాలివేళ్ళ నొక్కులు.

ఆనాటి నుంచి ఎవరు పాత సామాను తెచ్చి నునుపు చెయ్యమన్నా, వెంటనే మిషను వెయ్యను. ముందు ఒకసారి తడిమి, "ఇది ఎవరు వాడేవారండీ?" అని అడుగుతాను.