మైకులో కరకర

ఆ రైల్వే స్టేషన్‌లో ఆవిడ మొహం తెలిసినవాళ్ళు ఇరవైమంది కూడా ఉండరు. గొంతు మాత్రం రోజుకి కొన్ని వేలమందికి తెలుసు. "ప్రయాణికులకు విజ్ఞప్తి" అని ఆవిడ మొదలుపెడితే, రైలు మూడు గంటలు ఆలస్యమన్న కబురు కూడా పెళ్ళి పిలుపులా వినిపించేది. పోర్టర్లు ఆవిడకి మైకమ్మ అని పేరు పెట్టారు. హాజరు పట్టీలో తప్ప సొంత పేరు ఎక్కడా మిగల్లేదు.

ఒకటో నంబరు ప్లాట్‌ఫారం చివర ఇనుప మెట్లెక్కితే అగ్గిపెట్టెంత గది. అందులో ఒక బల్ల, మైకు, నొక్కితే లోపలికి దిగి అక్కడే ఉండిపోయే బటను, పక్కన మైకు పలుకుతున్నంతసేపూ వెలిగే ఎర్ర దీపం. కంట్రోల్ రూము వాళ్ళు మాట్లాడే నల్ల ఫోను ఒకటి. ఎదురుగా నాలుగు ప్లాట్‌ఫారాలూ కనపడే పెద్ద అద్దం. రైళ్ళు నడపడంలో ఆవిడ ప్రమేయం వీసమెత్తు లేదు. ఎవరో ఎక్కడో ఆపిన రైలుకి ఇక్కడ కూర్చుని చింతించడమే ఉద్యోగం. "మీకు కలిగిన అసౌకర్యానికి చింతిస్తున్నాము" అని ఒకరోజు ఎన్నిసార్లు అన్నదో లెక్కపెట్టుకుంటే అరవైనాలుగు తేలింది. మనిషన్నవాడు రోజుకి అరవైనాలుగుసార్లు చింతిస్తే ఏమవుతుంది? నోరు ఊరుకోదు.

బల్లకి మూడు సొరుగులున్నాయి. పై సొరుగులో టైమ్ టేబుళ్ళు. మధ్య సొరుగులో పాత టైమ్ టేబుళ్ళు. కింది సొరుగులో చిప్స్ ప్యాకెట్లు, క్రీమ్ బిస్కెట్లు, చాక్లెట్లు, అప్పుడప్పుడూ ఒక కేకు. చప్పుడు కాకుండా ప్యాకెట్ తెరవడంలో ఆవిడ ఆరితేరిపోయింది. చిన్న కత్తెరతో అంచు కత్తిరించి, శాలువా కింద పెట్టుకుని, ఒక అనౌన్సుమెంటుకీ ఇంకోదానికీ మధ్య కానిచ్చేసేది. మొదటి ముక్క రుచి తెలిసేది, చివరి ముక్క రుచి తెలిసేది. మధ్యలోవన్నీ ఏ దారిన పోయాయో ఆవిడకే తెలియదు. అయిపోయాక ఖాళీ ప్యాకెట్‌ని తమలపాకు చిలకలా మడిచి, పట్టుకెళ్ళి ప్లాట్‌ఫారానికొకటి చొప్పున వేరువేరు చెత్తబుట్టల్లో వేసేది. ఊడ్చే ఆవిడ అన్నీ ఒకచోట చూసి ఏమనుకుంటుందోనని బెంగ.

ఇంట్లోనూ ఒక రహస్య స్థావరం ఉండేది. బీరువా వెనక మేకుకి వేలాడే వానకోటు లోపలి జేబు. వానాకాలం తప్ప ఎవరూ దాని జోలికి పోరని ధీమా. అయితే ఈమధ్య ఆ జేబులో దాచినవి దాచినట్టు ఉండటం లేదు. ఆరు చాక్లెట్లు పెడితే నాలుగే దొరికేవి. ఇంట్లో ఉండేది నలుగురు: ఆవిడ, బడిలో డ్రాయింగు చెప్పే భర్త, పద్నాలుగేళ్ళ కూతురు, ఒకప్పుడు ఆసుపత్రిలో హెడ్ నర్సుగా చేసి రిటైరైన అత్తగారు. ఎవరిని అడుగుతుంది? అడిగితే అసలు దాచిందెవరన్న ప్రశ్న వస్తుంది. దొంగకి తేలు కుట్టినట్టు నోరు మూసుకుని మళ్ళీ ఆరు పెట్టేది.

ఇదంతా బాగాలేదని ఆవిడకి తెలియక కాదు. ప్రతి సోమవారం మానేసేది. మానేసిన ఉత్సాహంలో మధ్యాహ్నం భోజనం డబ్బా కూడా తెరవకుండా ఇంటికి తెచ్చేది. "నోరు కట్టుకోవాలి" అని అద్దంలో తనకి తానే చెప్పుకునేది. నోరు కట్టుకుంటే అనౌన్సుమెంటు ఎవరు చేస్తారు? సాయంత్రం నాలుగయ్యేసరికి కళ్ళు తిరిగి, ఒక్క బిస్కెట్టేగా అని మొదలుపెట్టి, ప్యాకెట్ అడుగున పొడి కూడా వేలితో అద్దుకుని తినేది. మంగళవారం నుంచి తన మీద తనకే అసహ్యం. ఆ అసహ్యం పోవడానికి బుధవారం ఒక కేకు.

ఇలా ఎన్నాళ్ళు సాగేదో గానీ, ఒకరోజు పొద్దున తొమ్మిదింటికి సిగ్నళ్ళు పాడై ఐదు రైళ్ళు ఎక్కడివక్కడ ఆగిపోయాయి. నల్ల ఫోను మోగింది. రెండో ప్లాట్‌ఫారానికి వచ్చే రైలు నాలుగుకి వస్తుందన్నారు. జనం పెట్టెలు మోసుకుని వంతెనెక్కి నాలుగుకి చేరారు. మళ్ళీ ఫోను. కాదు, మూడుకి. జనం మూడుకి. మళ్ళీ ఫోను. రెండే ఖాయం. ఈసారి జనం వంతెన మీద నిలబడి ఈ గది వైపు చూసిన చూపులకి అద్దం పగలకపోవడం ఆశ్చర్యం.

అంతలో బ్రీఫ్‌కేసు పట్టుకున్న ఒకాయన మెట్లెక్కి వచ్చి తలుపు బాదాడు. ఆవిడ తెరిచింది.

"నీకు కళ్ళు లేవా? మూడుసార్లు తిప్పావు! నీ గొంతు వింటేనే ఒళ్ళు మండిపోతోంది!"

ఆవిడ చిరునవ్వు నవ్వి, "చింతిస్తున్నామండీ" అంది. ఆయన అగ్గి మీద గుగ్గిలమై దిగిపోయాడు. ఆవిడ తలుపు వేసి, మైకులో రెండో ప్లాట్‌ఫారం సంగతి ఇంకోసారి చెప్పి, కింది సొరుగు లాగింది. ఆరోజు కత్తెర వెతికే ఓపిక లేదు. పెద్ద ప్యాకెట్‌ని పళ్ళతోనే చింపింది. గుప్పెడు తీసి నోట్లో వేసుకుంది.

ఎర్ర దీపం వెలుగుతూనే ఉంది.

నాలుగు ప్లాట్‌ఫారాల మీదా, విశ్రాంతి గదుల్లో, టికెట్ల వరుసలో అందరికీ మొదట 'పర్ర్' మన్న చప్పుడు వినపడింది. తర్వాత కరకర. కాసేపు ఆగి మళ్ళీ కరకరకర. ఆపైన ఆ పెళ్ళి పిలుపు గొంతే, నోటినిండా పెట్టుకుని, "చింతిస్తున్నామట, చింత! ఎవరు చింతిస్తున్నారు? నేనా? నా పిండాకూడు! ఆ సిగ్నల్ని చింతించమను! ఆ బ్రీఫ్‌కేసుని చింతించమను!" అంది. కరకర.

నములుతూ ఆవిడ అద్దంలోంచి కిందికి చూసింది. ఎందుకో అందరూ కదలకుండా నిలబడి తలలు పైకెత్తి ఉన్నారు. టీ పోసేవాడు పైకెత్తిన గిన్నె అలాగే పట్టుకుని ఉన్నాడు. రెండో ప్లాట్‌ఫారం మీద ఒక చంటిపిల్ల తల్లి చంకలో కూర్చుని, మైకమ్మ ఎలా నములుతోందో అచ్చం అలాగే దవడలు ఆడిస్తోంది. ఆవిడ ఆపింది. పిల్లా ఆపింది. ఆవిడ మళ్ళీ ఒకసారి నమిలింది. పిల్లా నమిలింది. అప్పుడు చూసింది ఎర్ర దీపం వైపు.

ఇనుప మెట్ల మీద ధనధనమని అడుగులు. స్టేషన్ మాస్టరు. "మేడమ్! మైకు! మైకు!"

ఆయనే బటను కట్టేశాడు. ఆ తర్వాత స్టేషన్ మొత్తం ఒక్కసారిగా నవ్విన నవ్వు ఆ గది గోడలకి తగిలి అదిరింది. కానీ పని ఆగదు కదా. పది నిమిషాల్లో మళ్ళీ మైకు ముందు కూర్చుని "ప్రయాణికులకు విజ్ఞప్తి" అనగానే, కింద నుంచి ఎవరో అరిచారు: "మాకూ రెండు పెట్టమ్మా!"

స్టేషన్ మాస్టరు తన గదికి పిలిచి మెమో చేతికిచ్చాడు. వారంలో సంజాయిషీ రాసివ్వాలి. డ్యూటీలో చిరుతిండి ఎంత నేరమో అరగంట చెప్పాడు. చెబుతున్నంతసేపూ ఆయన మీసం మీద బిస్కెట్ పొడి ఉంది. ఆవిడ దానివైపే చూస్తూ "అవును సార్" అంటూ నిలబడింది.

ఇంటికి వెళ్ళేసరికి కబురు ముందే చేరిపోయింది. ఆ పొద్దున మూడో ప్లాట్‌ఫారం మీద పక్కింటావిడ ఉందట. గుమ్మంలోనే అత్తగారు.

"ఏ చిప్స్, అమ్మాయ్? ఉప్పువా, కారంవా?"

మైకమ్మకి అంతసేపూ బిగబట్టిన ఏడుపు తన్నుకొచ్చింది. చెప్పులు విప్పకుండానే కూర్చుని ఏడ్చింది. అత్తగారు పక్కన కూర్చుని కొంగుతో మొహం తుడిచి, మెల్లగా అంది: "అయినా వానకోటులో చాక్లెట్లు పెట్టేటప్పుడు కాస్త చీమల సంగతి చూసుకోవద్దూ?"

ఏడుపు టక్కున ఆగింది. "అత్తయ్యా! మీరా?"

"నేనే. రెండేసి చొప్పున. మూడు తీస్తే నీకు తెలిసిపోతుందని."

"మీకు షుగరు కదా!"

"అందుకే వానకోటు దగ్గరికెళ్ళాను. షుగరు లేకపోతే కొట్టుకే వెళ్ళేదాన్నిగా."

ఇద్దరూ ఒకళ్ళ మొహం ఒకళ్ళు చూసుకుని నవ్వడం మొదలుపెట్టారు. బడి నుంచి వచ్చిన డ్రాయింగు మాస్టారు, తల్లీ భార్యా నేలమీద కూర్చుని పడీపడీ నవ్వుతుంటే, ఏమీ అడక్కుండా వంటింట్లోకి పోయి తన టీ తనే పెట్టుకున్నాడు.

నవ్వులయ్యాక అత్తగారిలోని హెడ్ నర్సు లేచింది. మనవరాలి పాత నోటు పుస్తకం ఒకటి తెచ్చి గళ్ళు గీసింది. "జ్వరం వస్తే ఎంతుందని ఒక్కటే చూడంరా తల్లీ, ఏ వేళకొస్తోందని కూడా చూస్తాం. నువ్వు ఎంత తిన్నావో నాకక్కర్లేదు. తినాలనిపించడానికి ముందు ఏం జరిగిందో అది రాయి. తిన్నా పర్లేదు, రాయి. నేనూ రాస్తాను."

పదిరోజులు రాశారు. పదకొండోరోజు సాయంత్రం మైకమ్మ పుస్తకం తెరిచి చూసింది. మెట్లెక్కి వచ్చి ఎవరైనా తిట్టిపోయిన ప్రతిసారీ చిప్స్. కరకరలాడేవే కావాలి, మెత్తటివి వద్దు. నల్ల ఫోను మోగిన ప్రతిసారీ చాక్లెట్. భోజనం మానేసిన రోజుల్లో మాత్రం ఏది దొరికితే అది, ఎంత దొరికితే అంత. తక్కిన రోజుల్లో 'ఆకలేసింది' అన్న మాట ఒక్క గడిలోనూ లేదు.

"ఇన్నాళ్ళూ నాకు జిహ్వచాపల్యం అనుకున్నానత్తయ్యా."

"చాపల్యమా పాడా! ఆ బ్రీఫ్‌కేసు వాడి మీద పళ్ళు నూరాలి నువ్వు. వాడి ముందు నూరలేవు. చిప్స్ మీద నూరావు. ఫోనొస్తే భయం. ఆ భయానికి జోకొట్టడానికి చాక్లెట్. అన్నీ కడుపులో పెట్టుకునే మనిషివి, అన్నిటినీ దిగమింగుతావు. దిగమింగేటప్పుడు నంజుకోవడానికి ఏదో ఒకటి ఉండాలిగా!"

"మరి మీ గళ్ళేమంటున్నాయి?"

అత్తగారు తన పేజీ మీద చెయ్యి అడ్డం పెట్టింది. తర్వాత తీసేసింది. అన్నిటికీ ఒకటే వేళ, మధ్యాహ్నం మూడు. "వార్డులో అప్పుడే డ్యూటీ మారేది. నలభై మంచాలు అప్పజెప్పేదాన్ని. ఇప్పుడు ఆ టైముకి నాకు అప్పజెప్పడానికి ఏమీ లేదు," అంది, నవ్వకుండా. మర్నాటి నుంచి మూడింటికి మనవరాలి బడి దాకా నడిచి వెళ్ళి ఇద్దరూ కలిసి ఇంటికి రావడం మొదలైంది. మనవరాలు మొదట సిగ్గుపడింది, తర్వాత తన పుస్తకాల సంచీ బామ్మ చేతికిచ్చింది.

మైకమ్మ పని అంత సులువుగా తేలలేదు. ముందు భోజనం ఒంటిగంటకి తినితీరాలని టికెట్ల గుమాస్తాని బతిమాలి, ఇరవై నిమిషాలు మైకు దగ్గర కూర్చోబెట్టింది. సొరుగు తెరవాలనిపిస్తే వద్దు అనుకోకుండా పది నిమిషాలు ఆగేది. మైకు కట్టేసిందో లేదో మూడుసార్లు చూసుకుని, "కింది సొరుగు పది నిమిషాలు ఆలస్యంగా తెరుచుకోగలదు" అని తనకి తానే ప్రకటించుకునేది. ఆ పది నిమిషాల్లో వెనకవైపు కిటికీ తీసి, తిట్టిపోయిన మనిషిని పేరెత్తకుండా నాలుగు తిట్టేది. సగంసార్లు ఆ కోరిక దానంతటదే దిగిపోయేది. మిగతా సగంసార్లు తినేది, కాకపోతే శాలువా తీసేసి, కాగితం మీద పోసుకుని, ఒక్కొక్కటీ చూస్తూ.

ఇక సంజాయిషీ. వారం గడువు ఎప్పుడో దాటింది. ఒకరోజు ధైర్యం చేసి స్టేషన్ మాస్టరు దగ్గరికి వెళ్ళింది.

"సార్, తిన్నది తప్పే. రాసిస్తాను. కానీ ఒక మాట. రైలు ఎందుకు ఆగిందో, నిజంగా ఎంతసేపు పడుతుందో చెప్పనివ్వండి. ఊరికే చింతిస్తున్నామంటే జనానికి ఒళ్ళు మండుతోంది. మండదా మరి?"

"రూల్సులో ఆ వాక్యమే ఉంది మేడమ్."

"ఆ వాక్యం చివర్న చెబుతాను. ముందు నిజం చెబుతాను. ఒక్క వారం చూడండి."

ఆయన పెన్ను మూత తీసి, పెట్టి, తీసి, "ఒక్క వారం" అన్నాడు.

మర్నాడే అవకాశం వచ్చింది. "ప్రయాణికులకు విజ్ఞప్తి. ఒకటో ప్లాట్‌ఫారానికి రావాల్సిన రైలు రెండు స్టేషన్ల అవతల ఆగి ఉంది. పట్టాల మీద చెట్టు పడింది, తీస్తున్నారు. నలభై నిమిషాల ముందు రాదు. టీ తాగి రండి." కింద జనం గొణుక్కున్నారు, కానీ టీ తాగడానికి వెళ్ళారు. ఆ వారం తలుపు కొట్టింది ఇద్దరే. అందులో ఒకాయన గొడుగు పోయిందని వచ్చాడు. మెమో సంగతి మాస్టరు మళ్ళీ ఎత్తలేదు.

అన్నీ సర్దుకున్నాయని కాదు. నెల తర్వాత ఒకరోజు పెద్ద గాలివాన, తీగలు తెగి పదకొండు రైళ్ళు ఆగాయి. నల్ల ఫోను ఆగకుండా మోగింది. ఆరోజు ఆవిడ రెండు పెద్ద ప్యాకెట్లు, ఒక పూర్తి కేకు తినేసి, ఇంటికొచ్చి అత్తగారి ముందు తలొంచుకు నిలబడింది.

"పుస్తకంలో రాశావా?"

"రాశాను."

"అయితే చేతులు కడుక్కుని రా, భోంచేద్దాం. జ్వరం తిరగబెట్టిందని రోగిని కొడతామా ఎక్కడైనా?"

మర్నాడు ఒంటిగంటకి డబ్బా తెరిచి మామూలుగా తింది. సోమవారం కోసం ఎదురు చూడలేదు.

చలికాలం మొదట్లో అనుకుంటా, పాత టైమ్ టేబుల్ ఏదో కావాలని వెతుకుతుంటే మధ్య సొరుగు మూల ఒక చిప్స్ ప్యాకెట్ దొరికింది. మూతి తెరిచి ఉంది, సగం అలాగే ఉన్నాయి. ఎప్పుడు తెరిచిందో, ఎందుకు ఆపిందో ఎంత ఆలోచించినా గుర్తు రాలేదు. ఒకటి తీసి కొరికితే చప్పుడే రాలేదు. మెత్తగా, తడి అట్టముక్కలా ఉంది. ఇన్నేళ్ళలో ఆవిడ చేతిలో ఏ ప్యాకెట్టూ మెత్తబడేదాకా బతికింది లేదు. నోట్లోది చెత్తబుట్టలో ఉమ్మేసి, బటను నొక్కి, మూడో ప్లాట్‌ఫారానికి రావాల్సిన రైలు సరైన సమయానికే వస్తోందని చెప్పింది.