ఏ గొల్లపల్లె?

మా అత్త యల్లమ్మ గొంతు మీరు వినలేదు గాబట్టి సరిపోయింది. ఆమె సాయంత్రం వాగు గట్టున నిలబడి "ఏమే!" అందంటే దొడ్లో గొర్రెలు మేత ఆపి తలెత్తుతాయి. నేను కోడలిగా వచ్చిన కొత్తలో ఆ కేకకు ఉలిక్కిపడి నీళ్ళ బిందె కింద పడేసినా. ఎవరితోనో కొట్లాట పెట్టుకుందనుకున్నా. కొట్లాట కాదంట, చెల్లెలితో ముచ్చటంట.

ఆ చెల్లెలు మా చిన్నత్త కృష్ణమ్మ. వాగుకు ఇవతల మా గొల్లపల్లె, అవతల ఎర్రగుంట. అక్కను ఈ గట్టుకు, చెల్లెలిని ఆ గట్టుకు ఇచ్చినారు. వాళ్ళ నాయన కావాలనే అట్ల సంబంధాలు చూసినాడంట, ఒకరి పొయ్యి పొగ ఇంకొకరికి కనపడాలని.

అప్పట్లో వాగంటే ఉత్త ఇసుక. వానలప్పుడు నాలుగు దినాలు పారేది, మళ్ళ ఎండిపోయేది. మా అత్త కూర దించడం ఆలస్యం, ఒక గిన్నెలో పోసి మూత పెట్టి, కొంగుతో పట్టుకొని ఇసుకలో గబగబా అవతలికి పోయేది. మూత తీస్తే ఇంకా ఆవిరి వస్తాండాల. రాలేదా, "ఏందక్కా, దారిలో నిద్రపోయినావా?" అని చిన్నత్త ఎగతాళి చేసేది. అదే చిన్నత్త కూర తెచ్చిందనుకో, మా అత్త వేలు పెట్టకముందే, మూత తీయకముందే "ఉప్పు తక్కువైందే" అనేది. ఉప్పు సరిగ్గా ఉన్నా అదే మాట. చిన్నప్పటి నుంచీ అంతేనంట. ఒకసారి నేనే నాలుక్కు రాసుకొని చూసి, "సరిపోయింది గదత్తా" అంటే, "నీకేం తెలుసు, నోరు మూసుకో" అంది.

తర్వాత వాగుకు కింద తట్టున చెక్ డ్యాము కట్టినారు. దాన్ని తిడితే నోరు పడిపోతుంది. దాని పుణ్యాన మా బోర్లలో నీళ్ళు ఎగదన్నినాయి, మా గొర్రెలకు ఎండాకాలం గూడా తాగేదానికి దొరికింది. అయితే ఆ నీళ్ళు వెనక్కి తన్నుకొచ్చి ఇసుక దారి మునిగిపోయింది. ఒక తావున మోకాళ్ళు, ఒక తావున నిలువు లోతు. డ్యాము ప్లాను గీసినాయన బోర్లు లెక్కబెట్టినాడు, ఎకరాలు లెక్కబెట్టినాడు. ఇద్దరు ఆడోళ్ళు కూర గిన్నెలు పట్టుకొని ఆ దారిన తిరుగుతారని ఆయనకు ఎవరు చెప్పాల?

ఇప్పుడు చిన్నత్త ఇంటికి పోవాలంటే ఆటోలో కొమరోలు, అక్కడ బస్సు కోసం ఎదురుచూపు, బస్సు దిగి మళ్ళ ఆటో. పోయినా చుట్టాల మాదిరి పోవాల. మంచి చీర కట్టాల, పండ్లు పట్టాల. "నా చెల్లెలింటికి నేను పండ్లు పట్టుకొని పోయేదేందే విజయా, నేనేమన్నా పరాయిదాన్నా?" అని ఒకసారి బస్టాండులోనే ఏడ్చేసింది మా అత్త. కూర తీసుకపోతే చేరేసరికి చల్లారి గడ్డకడుతుంది.

సెల్లు లేదా అని అడుగుతారేమో. మా ఆయన వెంకటకృష్ణ కొనిచ్చినాడు. మొదటిసారి మాట్లాడినప్పుడు చిన్నత్త సెల్లు చెవికి దూరంగా పెట్టుకొని, "అక్కా, ఈ డబ్బా ఎందుకు, నువ్వు మామూలుగానే వినపడతాండావు గదా" అంది. ఆ సెల్లు ఇప్పుడు నా దగ్గర ఉంది. వాళ్ళిద్దరికీ గట్టే సెల్లు. పొద్దుగూకేటప్పటికి ఇద్దరూ వచ్చి నిలబడతారు.

"ఏం కూరే?"

"వంకాయ! నీది?"

"పప్పు! రా, పెడతా!"

"నువ్వే రా!"

రోజూ ఇదే. వినీ వినీ నాకు విసుగొచ్చేది, ఒకరోజు వినపడకపోతే అన్నం దిగేది కాదు.

అట్ల ఉండగా చిన్నత్తకు చూపు తగ్గింది. మార్కాపురంలో చూపిస్తే నీటికాసులు అన్నారు, పోయిన చూపు తిరిగి రాదు, ఉన్నదాన్ని కాపాడుకోండి అన్నారు. ఆ మాట విన్న రాత్రి మా అత్త అన్నం ముట్టలేదు. పొద్దున్నే లేచి, "బ్రిడ్జి కావాల" అంది. టీ కావాల అన్నట్టే అంది. "దానికి చూపు ఉండగానే ఆ బ్రిడ్జి మీద ఎదురెదురుగా నిలబడి దాని మొగం చూడాల, నా మొగం దానికి చూపించాల. వేడిగా ఒక గిన్నెడు కూర పెట్టాల. ఇంకేం వద్దు నాకు."

గ్రామసభలో లేచి అడిగింది. మా సర్పంచి కొండలరావు మంచోడే. "పెద్దమ్మా, మన పంచాయతీకి వచ్చే డబ్బులు వీధిలైట్లకు, బ్లీచింగుకే సరిపోవు. బ్రిడ్జి అంటే పైనుంచి రావాల. మార్కాపురం పోయి గ్రీవెన్సులో అర్జీ పెట్టు, నేను గూడా తీర్మానం పంపిస్తా" అన్నాడు.

పోయినాం. అర్జీలు తీసుకునే హాల్లో మా అత్త తన గొంతుతోనే చెప్పింది. "మాది గొల్లపల్లె సార్! మా వాగు మీద బ్రిడ్జి కావాల!" హాలంతా ఇటు తిరిగింది. ఆ సారు నవ్వి, "వినపడిందమ్మా, జిల్లాకంతా వినపడింది" అని రాయించుకున్నాడు. మండలమేదని ఆయన అడగలేదు, ఈమె చెప్పలేదు, పక్కనే ఉన్న నాకు గూడా తోచలేదు. మా తట్టు మండలం పేరు ఎవరు చెబుతారు? గొల్లపల్లె అంటే గొల్లపల్లె, అంతే. మా గొల్లోళ్ళు మంద ఆపి మూడు రాళ్ళ పొయ్యి పెట్టిన తావల్లా గొల్లపల్లే అయిందని ఆ రోజు ఒక్కరికన్నా గుర్తొస్తే కదా!

కొన్ని నెలలకు పేపర్లో పడింది: గొల్లపల్లె వాగుపై వంతెనకు నిధులు మంజూరు. ఆ సాయంత్రం మా అత్త కేక చూడాల!

"వచ్చిందే! బ్రిడ్జి వచ్చిందే!"

"నిజమా అక్కా? ఒట్టు?"

"పేపర్లో వేసినారే! మొదటి దినం తలకాయ కూర! నేనే చేస్తా!"

"నువ్వొద్దు, నేను చేస్తా! ఎట్ల చేసినా నీకు ఉప్పు తక్కువే గదా!"

ఇద్దరూ పడీపడీ నవ్వినారు. నేను గూడా కళ్ళు తుడుచుకున్నా, చెప్పుకోడానికి సిగ్గేముంది.

కంకర వస్తుందని చూసినాం. రాలేదు. ఎండాకాలం పోయింది, ఎవరూ రాలేదు. కొండలరావు మార్కాపురం పోయి ఆఫీసులో అడిగినాడు. ఫైలు తిరగేసి వాళ్ళు, "మీ బ్రిడ్జి పని జరుగుతానే ఉంది కదండీ, పునాదులు అయిపోయినాయి, పిల్లర్లు లేస్తాండాయి" అన్నారంట. "మా ఊర్లో నాకు కనపడకుండా పిల్లర్లు లేస్తాండాయా సార్?" అని ఈయన అడిగితే, అప్పుడు బయటపడింది. అర్ధవీడు మండలంలో గూడా ఒక గొల్లపల్లె ఉంది. ఆ ఊరికీ ఒక వాగుంది. మా బ్రిడ్జి అక్కడ లేస్తాంది.

"మరి మాకో సార్?" అంటే, "గొల్లపల్లెకు ఇచ్చేసినట్టు రికార్డులో ఉంది కదా. మళ్ళ కొత్తగా ప్రతిపాదన పంపండి, వచ్చే ఏడు చూద్దాం" అన్నారంట. కొండలరావు మా అరుగు మీద కూలబడి ఇదంతా చెప్పినాడు. నేను ఆఫీసు తలుపు నుంచి ఢిల్లీ దాకా ఒక్కరినీ వదలకుండా తిట్టినా. మా అత్త మాత్రం ఒక్క మాట అనలేదు. అట్ల ఆమె మాట్లాడకుండా ఉండగా నేను ఎప్పుడూ చూడలేదు.

ఆ సాయంత్రం అవతలి గట్టు నుంచి చిన్నత్త అడిగింది. "అక్కా, పని మొదలుపెట్టినారా? నాకు అంతా మసకమసకగా ఉండాది, ఏం కనపడ్డంలేదు!"

మా అత్త నా వైపు ఒకసారి చూసింది. తర్వాత అరిచింది. "పెట్టినారే! ముగ్గు పోసినారు! గుంతలు తీస్తాండారు!"

నేను మోచేత్తో పొడిచినా. "ఏందత్తా ఇది?"

"ఏం చెప్పమంటావే? దానికి చూపు పోతాంది, బ్రిడ్జి గూడా పోయిందని చెప్పాల్నా? నువ్వు చెబుతావా? పో, చెప్పు."

నేను చెప్పలేదు.

అబద్ధం మొదలుపెట్టడం సులువు, దాన్ని సాకడమే కష్టం. రోజూ చిన్నత్త అడుగుతుంది, ఈమె ఏదో ఒకటి చెప్పాల. బ్రిడ్జి ఎట్ల కడతారో ఈమెకేం తెలుసు? ఒకరోజు పునాది కంటే ముందే రైలింగు పెట్టేసింది. చిన్నత్త "అదేందక్కా, తలకిందులా కడతాండారా?" అనింది. దాంతో మా అత్త నన్ను పట్టుకుంది. "విజయా, ఆ ఊరికి పోదాం. దాన్ని చూసొస్తా. చూస్తేనే గదా సరిగ్గా చెప్పేది."

గిద్దలూరు, కంభం మీదుగా అర్ధవీడు తట్టు పోయినాం. ఆమె చూడ్డానికి, నేను కొట్లాడ్డానికి. బస్సులో కూర్చొని తిట్లన్నీ ఒక వరసలో పెట్టుకున్నా. ఆ ఊర్లో దిగి వాగు దగ్గరికి పోతే, అబ్బ, నిజంగానే ఉన్నాయి పిల్లర్లు. మా అత్త దగ్గరికి పోయి ఒకదాన్ని రెండు చేతులతో కౌగిలించుకొని కొలిచింది. చేతులు అందలేదు. చెంప ఆనించి అట్లనే కాసేపు నిలబడింది.

మేకలు తోలుకుంటా ఒకామె వచ్చింది, పేరు భాగ్యమ్మంట. ఎవరు, ఏంది అని అడిగితే నేను మొదలుపెట్టబోయినా. మా అత్త నా చెయ్యి పట్టుకొని ఆపి, తనే అడిగింది. "మీరు అడిగినారా వదినా ఈ బ్రిడ్జి?"

"మాకు అడగడం యాడ తెలుసు వదినా? ఒక పొద్దున లారీ వచ్చి కంకర పోసింది. ఏ పుణ్యాత్ముడో మా గోడు విన్నాడనుకున్నాం."

"అవతల మీకు ఎవరుండారు?"

"అవతల మా శ్మశానం. వానాకాలం పాడె ఎత్తుకొని నడుముల్లోతు నీళ్ళలో పోవాల. మా మామను మోస్తాంటే జారినారు. ఆయన పోయి బతికిపోయినాడుగానీ, మోసినోళ్ళు చచ్చినంత పనైంది."

నేను వరసలో పెట్టుకున్న తిట్లు గొంతులోనే ఆగిపోయినాయి. మా అత్త ఇంకోసారి పిల్లరును తడిమింది. "పోనీలే. పోయినోళ్ళన్నా తడవకుండా పోతారు" అంది. తిరుగు బస్సులో గిద్దలూరు దాకా కిటికీలోంచి బయటకే చూసింది. ఏడుస్తాందని నాకు తెలుసు, తెలియనట్టు ఉన్నా.

అప్పటి నుంచి మా అత్త బ్రిడ్జి గట్టిగా లేచింది. చువ్వలు కట్టినారు, సెంట్రింగు కొట్టినారు, పిల్లరు ఇద్దరు కలిసి పట్టుకున్నా అందదు. చెప్పేటప్పుడు ఆమె చేతులు చాచి చూపించేది, అవతల కనపడదని మరిచిపోయి. "అత్తా, ఎన్నాళ్ళని కడతావు? ఒకనాటికి అయిపోవాల గదా" అంటే, "బిల్లులు రాలేదని కాంట్రాక్టరు ఆపేసినాడని చెప్తాలేవే. అది ఎవరైనా నమ్ముతారు" అంది. కొండలరావు కొత్త ప్రతిపాదన పంపినాడు, ఈసారి మండలం, పంచాయతీ, వాగు పేరు అన్నీ రాసి. అది ఏ బల్ల మీద ఉందో ఇంకా తెలియదు.

మొన్న కార్తీకంలో వానలు బాగా పడి వాగు గట్టును ఒరుసుకొని పారతాంది. పొద్దు వాలింది. అవతల ఎర్రటి చీర కనపడింది, చిన్నత్త. చేతిలో మూత పెట్టిన గిన్నె. వెనక ఎక్కడో ఆమె కోడలు మల్లి. చిన్నత్త రోజూ ఆగే తావున ఆగలేదు. చెయ్యి ముందుకు చాపి, అడుగులో అడుగు వేసుకుంటా తిన్నగా నీళ్ళ వైపు వస్తాంది.

"అక్కా! నేనే వస్తాండానే!"

మా అత్త గట్టు అంచుకు ఉరికింది. "ఆగే! కిష్టమ్మా, ఆగే! బ్రిడ్జి లేదే! యాడా లేదే! నేను చెప్పిందంతా అబద్ధమే తల్లీ, ఆగే!" నేను గూడా "మల్లీ, పట్టుకో!" అని అరిచినా.

చిన్నత్త ఆగింది. తాపీగా చేత్తో తడుముకొని, గట్టు మీది బండ మీద కూర్చుంది. నవ్వింది.

"తెలుసులే అక్కా."

"ఏం తెలుసే?"

"పోయినవి కళ్ళు గదా, చెవులు పోయినాయా? బ్రిడ్జి కడితే కాంక్రీటు కలిపే మిల్లరు తిరగదా? లారీ రాదా? నీ గొంతు తప్ప ఇంకే చప్పుడూ రాలేదు. నువ్వు ముగ్గు పోసినారన్న దినమే తెలుసు నాకు."

"మరి రోజూ ఎందుకు అడిగినావే, ముదనష్టపుదానా!"

"నువ్వు చెబుతాంటే బాగుండేది అక్కా. దాని మీద నడిచి నీ దగ్గరికి వచ్చినట్టే ఉండేది."

మా అత్త గట్టు మీద కూలబడి కొంగు నోట్లో కుక్కుకుంది. నేను పక్కన కూర్చొని భుజం పట్టుకున్నా. మధ్యలో నీళ్ళు హోరుమని పోతాండాయి. అవతల చిన్నత్త గిన్నె ఒళ్ళో పెట్టుకొని మళ్ళ పిలిచింది.

"తలకాయ కూర చేసినా అక్కా! మూత తీస్తాండా, చూడు! ఆవిరి కనపడతాందా?"

అంత దూరానికి, ఆ మసక వెలుతురులో, నాకే కనపడలేదు. మా అత్తకు ఏం కనపడుతుంది? ఆమె కళ్ళు తుడుచుకొని లేచి నిలబడింది. గొంతు సవరించుకొని, గొర్రెలన్నీ తలెత్తేటట్టు అరిచింది.

"ఉప్పు తక్కువైందే!"

అవతల చిన్నత్త వెనక్కి తిరిగి, "మల్లీ, ఇంట్లోంచి కొంచెం ఉప్పు తేమ్మా" అంది.