బ్రిటన్ సంగతి తేలేదాకా

హన్మాండ్లుకు ఉన్న పిచ్చి ఒక్కటే. ఐరోపా దేశాల కూటమి నుంచి బ్రిటన్ బయటికి పోతుందా, పోతే ఏ తారీఖున పోతుంది, పోయేటప్పుడు ఏం పట్టుకుపోతుంది అన్నది ఆయనకు రోజూ తెలియాలి. తెలిసింది పదిమందికీ చెప్పాలి. ఖతర్‌లో, బిర్కత్ అల్ అవామిర్‌లోని ఒక కూలీల క్యాంపులో, ఎనిమిది మంచాల గదిలో కూర్చొని జగిత్యాల జిల్లా మనిషి బ్రిటన్ కోసం బెంగపడ్డాడంటే ఎవరూ నమ్మరు. ఆయన మంచానికి పైమంచం తిరుమల్‌ది. నాలుగేళ్ళుగా ఆ వార్తలన్నీ తన పరుపు కిందినుంచే పైకి వస్తున్నాయి గనక తిరుమల్‌కు నమ్మక తప్పలేదు.

ఆ పిచ్చి ఎలా పట్టుకుందో కూడా హన్మాండ్లే వందసార్లు చెప్పాడు. ఆయనది కోల్డ్ స్టోర్‌లో డ్యూటీ, కంటైనర్ల నుంచి చీజు, వెన్న, బిస్కట్ల కార్టన్లు దించడం. 2016లో ఒక పొద్దున వెళ్ళేసరికి ఆరడుగుల ఇంగ్లీషు మేనేజరు ఆఫీసు మెట్ల మీద కూర్చొని కళ్ళు తుడుచుకుంటున్నాడు. హన్మాండ్లు ఆయన్నే అడగలేక, సేఫ్టీ ఆఫీసరు సుధాకరరావును పక్కకు పిలిచాడు.

"సార్, ఇంటికాడ ఎవలికన్న బాగలేదా ఆయనకు?"

"అందరూ బాగానే ఉన్నారయ్యా. వాళ్ళ దేశం ఐరోపా నుంచి విడిపోవాలని ఓటేసిందట."

"విడిపోతే ఏడుసుడేంది సార్? మా తెలంగాణ వచ్చిననాడు మేం పటాకలు కాల్చినం."

సుధాకరరావుది రాజమండ్రి. ఆయన "మేం కాల్చలేదుగా" అని వెళ్ళిపోయాడు.

ఆ మాట హన్మాండ్లుకు ఎక్కడో తగిలింది. ఆ సాయంత్రమే ఫోనులో తెలుగు వార్తలు వెతికాడు. మర్నాడు మెస్సులో తిండయ్యాక గదిలో అందరికీ చదివి వినిపించాడు. ఆ తర్వాత ఒక్క సాయంత్రం కూడా మానలేదు.

ఇక ఆయనతో ఏం మాట్లాడినా బ్రిటన్‌లోనే తేలేది. "కాకా, పప్పుల ఉప్పు లేదే" అంటే, "ఉప్పుకేమొచ్చెరా, ఆడ పార్లమెంటుకే తాళమేసిన్రు" అనేవాడు. డ్యూటీ బస్సు రాకపోతే, "బ్రిటన్‌కన్న నయమే. అది మూడుసార్లు పోత పోత అని ఆగింది" అని అందరికీ ధైర్యం చెప్పేవాడు. రాత్రి షిఫ్టు చేసొచ్చిన గజేందర్ ఒకరోజు దుప్పటిలోంచి తల బయటపెట్టి మొత్తుకున్నాడు.

"తెల్లోళ్ళు నలభై ఏడులనే పోయిన్రు గద కాకా! మల్ల పోవుడేందే?"

"అది మన దేశంకెల్లి పోవుడు. ఇది పక్కింటోళ్ళతోని పొత్తు తెంపుకునుడు. లేచి కూసో, జెప్త."

గజేందర్ లేవలేదు. హన్మాండ్లు మాత్రం అంతా చెప్పాడు.

2020 జనవరి ఆఖరున బ్రిటన్ నిజంగానే బయటికి పోయింది. ఆ రోజు హన్మాండ్లు రెండు కిలోల హల్వా తెచ్చి గదిగదికీ పంచాడు. పీడ వదిలిందని జనం కూడా సంతోషంగానే తిన్నారు. సాయంత్రం ఆయన మళ్ళీ మంచం మీద కూర్చొని గొంతు సవరించుకున్నాడు.

"పోయిన్రు గాని ఇంక పోలే. డిసెంబరు దాంక పాత కాయిదలే నడుస్తయి. హైదరాబాదు పదేండ్లు ఉమ్మడి రాజధాని అన్నరు సూడు, గట్ల. అసలు బేరం ముందున్నది."

హల్వా తిరిగి ఇచ్చేసే వీలుంటే గదిలో అందరూ ఇచ్చేసేవారే.

ఆ తర్వాత కరోనా వచ్చింది. మార్చిలో క్యాంపు గేటు మూశారు. తిండి పొట్లాలు గుమ్మం దాకా వచ్చేవి. పొద్దునా సాయంత్రం నుదుటికి యంత్రం పెట్టి జ్వరం చూసేవారు. పక్క బ్లాకులోంచి నాగప్ప అనే మేస్త్రీని అంబులెన్సులో తీసుకుపోయారు, ఆయన తిరిగి రాలేదు. ఆయన చెప్పులు గుమ్మం ముందు చాలా రోజులు ఉండిపోయాయి. తీయడానికి ఎవరికీ చేతులు రాలేదు.

హన్మాండ్లు అప్పటికి పందొమ్మిదేళ్ళ సర్వీసు ముగించి, వీసా క్యాన్సిల్ చేయించుకొని, ఇక ఖతర్‌కు సలాం కొట్టి ఇంటికి పోవలసినవాడు. మార్చి ఇరవై ఆరుకు టికెట్టు కూడా ఉంది. నాలుగు రోజుల ముందు విమానాలు ఆగిపోయాయి. కట్టిన కార్టన్ కట్టినట్టే మంచం కింద ఉండిపోయింది. మూడేళ్ళుగా భార్య పుష్పను చూడని మనిషి, నోరు తెరిచి ఒక్కసారి కూడా ఏడ్వలేదు. సాయంత్రం కాగానే బ్రిటన్ మొదలుపెట్టేవాడు.

"ఇప్పుడు పంచాది ఏందంటే, రోగమొచ్చి దేశాలన్ని మంచాల పడె. బేరం చేసేటోళ్ళకే జరాలొచ్చె. డిసెంబరు మీదికి ఇంకొంత గడువు అడుగుండ్రి అని కొందరంటున్నరు. అడగాలంటే జూన్ నెలాఖరు లోపల్నే అడగాలె."

"మరడుగుతరా?" అని గజేందరే అడిగాడు. గేటు మూసేశాక దుప్పటిలోంచి బయటికి రావడం అతనికీ అలవాటైంది.

"అడిగితే ఇజ్జత్ పాయె అంటది సర్కారు. ఇంకొందరు ఏమంటున్నరంటే, ఎట్లాగు జరమొచ్చి మూలుగుతున్నం, గిప్పుడే పన్ను గూడ పీకిచ్చుకుంటే మూలుగుడు ఒక్కటే పోతదని."

ఎనిమిది మంది రెండు జట్లయ్యారు. గడువు అడగాలని ఐదుగురు, పన్ను పీకించుకోవాలని ముగ్గురు. ఇంటి ఫోన్లకు వణికిపోతూ కూర్చునే మనుషులు సాయంత్రం ఓ గంటసేపు బ్రిటన్ కోసం గొంతులు చించుకునేవారు. ఆ గంటలో ఎవరూ గేటు వైపు చూసేవారు కాదని తిరుమల్ గమనించాడు.

జూన్ పన్నెండు, శుక్రవారం నాడు తిరుమల్‌కు అక్క ఫోన్ చేసింది. తల్లి గౌరవ్వకు కడుపులో గడ్డ. పెద్దాసుపత్రి డాక్టర్లు ఇంటికి తీసుకుపొమ్మన్నారు. ఇంటికి తీసుకుపొమ్మనడం అంటే ఏమిటో చెప్పకుండానే ఇద్దరికీ తెలుసు.

"నిన్నే అడుగుతున్నదిరా. దుబాయికెల్లి బస్సు లేదా అని అడుగుతున్నది" అంది అక్క. గల్ఫ్‌లో ఏ దేశమైనా తల్లికి దుబాయే.

ఆ సాయంత్రం తిరుమల్ పైమంచం మీద గోడవైపు తిరిగి ఏడ్చాడు. హన్మాండ్లు బయటి నుంచి వచ్చి చూసి, మంచం మెట్టెక్కి అతని వీపు మీద చెయ్యి వేసి చాలాసేపు నిలబడ్డాడు. ఆ ఒక్కరోజు గదిలో బ్రిటన్ మాట రాలేదు.

అప్పటికే కంపెనీ ఒక విమానం మాట్లాడింది. వీసా క్యాన్సిల్ అయినవాళ్ళూ ఇంటి దగ్గర ఆపద ఉన్నవాళ్ళూ దాంట్లో ఇరవయ్యో తారీఖున పోతారు. హన్మాండ్లు పేరు అప్పటికే ఎక్కింది. పేర్లు రాసేది క్యాంప్ బాస్ గయాజ్, పాతబస్తీ మనిషి. తిరుమల్ ఆసుపత్రి చీటీ ఫోనులో తెప్పించుకొని పరుగెత్తేసరికి సీట్లు నిండిపోయాయి.

"మాఫ్ కరో తమ్మీ. ఒక్క సీటు గూడ లేదు. నేనేం జేయాలె?" అన్నాడు గయాజ్, కళ్ళు దించుకొని. రోజూ లేదనే మాట చెప్పి చెప్పి ఆయన కూడా సగమైపోయాడు.

రెండు రోజుల తర్వాత ఆయనే తిరుమల్‌ను పిలిచాడు. "నీ పేరు ఎక్కింది. యల్లా, సామాను కట్టు. మీ కాక తన సీటు వద్దన్నడు."

తిరుమల్ గదికి ఉరికాడు. హన్మాండ్లు తాపీగా గోళ్ళు కత్తిరించుకుంటున్నాడు.

"ఏంది కాకా? పోనన్నవట?"

"ఎట్ల పోతరా? బ్రిటన్ గడువడుగుతదా లేదా ఇయ్యాలో రేపో తేలుతది. నేను పోయి హైదరాబాదుల క్వారంటైన్ గదిల కూసుంటే ఫోన్ సిగ్నల్ ఉంటదో ఉండదో. నాలుగేండ్లు చూసి ఆఖరి ఓవర్ల టీవీ బందు జేస్కుంటరా ఎవలన్న?"

"చిన్నమ్మ ఎదురుచూస్తుంటది గద!"

"పందొమ్మిదేండ్లు చూసిందానికి పందొమ్మిదొద్దులు లెక్కనా? నువ్వు పో. నా కార్టన్ గూడ పట్కపో, ఊర్ల ఇయ్యి."

వేరే రోజైతే తిరుమల్ వాదించేవాడే. ఆ రోజు అతనికి తల్లి మొహం తప్ప ఏమీ కనపడలేదు. ఈ ముసలాయనకు ఇంత పిచ్చి ఉండడం నా అదృష్టం అనుకున్నాడు. అలా అనుకున్నందుకు సిగ్గుపడుతూనే బట్టలు సర్దుకున్నాడు. బస్సెక్కేటప్పుడు కూడా హన్మాండ్లు, "ఇంక తేలలేదురా, తేలంగనే మెసేజ్ పెడ్త" అని చెయ్యి ఊపాడు.

హైదరాబాదులో ఏడు రోజులు గదిలో ఉంచి, చేతి మీద ముద్ర వేసి ఇంటికి పంపారు. ఇంట్లో కూడా దూరంగానే ఉండాలన్నారు. తిరుమల్ మూతికి గుడ్డ కట్టుకొని గడపలో కూర్చున్నాడు. లోపల మంచం మీద గౌరవ్వ. ఏడువందల రియాళ్ళ జీతానికి పోయిన కొడుకు, ఎనిమిదేళ్ళకు అంత దగ్గరికి వచ్చి కూడా చెయ్యి అందనంత దూరంలో ఉండిపోయాడు.

"ఎవలిచ్చిన్రురా నీకు సీటు?" అని అడిగింది ఆమె, రెండోనాడు.

"హన్మాండ్లు కాక ఇచ్చిండే. ఇంగ్లీషోళ్ళు పోయేది చూసి వస్తడట."

గౌరవ్వ దిండు మీద తల ఇటు తిప్పింది. "మన దిక్కు నైజాముండె. ఇంగ్లీషోళ్ళు ఇంక ఉన్నరారా, దుబాయిల?" అంది. తిరుమల్ పకపక నవ్వాడు. కొడుకు నవ్వాడని ఆమె కూడా నవ్వింది. నాలుగోనాడు తెల్లవారుతూనే పోయింది. చివరికి మూతిగుడ్డ పక్కన పారేసి తిరుమల్ తల్లిని ముట్టుకున్నాడు. ఎవరూ వద్దనలేదు.

దినాలు అయిపోయాక కార్టన్ బండికి కట్టుకొని హన్మాండ్లు ఊరికి పోయాడు. పుష్ప గుమ్మంలోకి వచ్చి, తాడు బిగించిన డబ్బానూ దాని మీద నల్ల సిరాతో రాసిన మొగుడి పేరునూ చూసి, ఆ పేరు మీద చెయ్యి పెట్టింది.

"పేరొచ్చింది గాని మనిషి రాకపాయె" అంది. తర్వాత మంచినీళ్ళిచ్చి కూర్చోబెట్టింది.

"ఇగొస్తడు, అగొస్తడు అని మంచం పక్కకు కరెంటు ప్లగ్గు గూడ పెట్టిచ్చిన బిడ్డా, ఆ బ్రిటన్ చూసుకునెతందుకు. ఇగ దాని పని లేదనుకో. అది తేలిపోయింది గద."

తిరుమల్ గ్లాసు దించాడు. "తేలిపోయిందా? ఎప్పుడు చిన్నమ్మా?"

"జూన్లనే. శుక్రవారం పొద్దుగూకంగ ఫోన్ చేసి ఒకటే సంబురం. 'పుష్పా, రోగమున్నా సరే గడువు వద్దని చెప్పేసిన్రు, డిసెంబరుకు పోవుడు ఖాయం. ఇగ నేను చూసేదేం లేదు, లిస్టుల నాదే మొదటి పేరు, వస్తున్న' అన్నడు. మల్ల రెండొద్దులకు కంపెనోడు నా పేరు కొట్టేసిండన్నడు. పందొమ్మిదేండ్లు చాకిరి చేసినోని పేరు ఎట్ల కొట్టేస్తడు బిడ్డా ఆ కంపెనోడు?"

తిరుమల్ రోజులు లెక్కపెట్టుకున్నాడు. అది తన అక్క ఫోన్ చేసిన శుక్రవారమే. నాలుగేళ్ళు రోజూ ఎదురుచూసిన వార్త చేతికొచ్చిన రోజున ఆ మనిషి దాన్ని గదిలో ఒక్కరికీ చెప్పలేదు. తేలిపోయిన దాన్ని తేలలేదని చెప్పి, తన సీటు తీసి తిరుమల్ చేతిలో పెట్టాడు. ఆయన పిచ్చి తన అదృష్టమనుకొని తిరుమల్ విమానమెక్కాడు.

"కంపెనోడు కొట్టేయలే చిన్నమ్మా. కాకనే కొట్టేయిచ్చుకున్నడు. నా కోసం" అని అంతా చెప్పేశాడు.

పుష్ప గ్లాసు తీసి పక్కన పెట్టింది. తిట్టినా పడదామనుకున్నాడు తిరుమల్.

"అమ్మను చూసుకున్నవా?"

"నాలుగొద్దులు."

"మాట్లాడిందా?"

"మాట్లాడింది. నవ్వింది గూడ."

"సరే మరి" అంది పుష్ప. అనేసి కొంగు మొహానికి అడ్డం పెట్టుకొని ఏడ్చింది. ఏడ్చి లేచి మొహం కడుక్కొని వచ్చింది.

"నాకు తెలిసిందని ఆయనకు చెప్పకు. ఆ వార్తల కాడ ఎన్నడు ఒక్క అబద్ధం ఆడినోడు కాదు. ఆడక ఆడక ఒక్కటాడిండు. అది గూడ దొరికిందంటే మనసు చిన్నబుచ్చుకుంటడు."

ఆమె ఫోన్ తీసి వీడియో కాల్ కలిపింది. తిరుమల్‌ను గోడ చాటుకు జరగమని సైగ చేసింది. తెర మీద క్యాంపు గది, కింది మంచం, హన్మాండ్లు నెరిసిన గడ్డం కనిపించాయి.

"తిన్నవా?" అంది. "తిన్న" అన్నాడు. ఇద్దరికీ కాసేపు మాట దొరకలేదు. మామూలుగా ఆ సందులోనే ఆయన బ్రిటన్ ఎత్తుకోవడం, ఆమె ఫోన్ పెట్టేయడం నాలుగేళ్ళుగా జరుగుతున్నదే.

"ఏమయ్యా, ఆ బ్రిటన్ సంగతేమాయె?" అని ఇవాళ ఆమే అడిగింది.

హన్మాండ్లు అనుమానంగా తెరకు దగ్గరగా వచ్చాడు. "ఎందుకే?"

"ఊకనే. చెప్పరాదు."

"గడువైతే తేలింది గద. ఇప్పుడు బేరం నడుస్తున్నది. చేపల కాడ ఆగింది" అన్నాడు ఆయన, ఎప్పుడు పెట్టేస్తుందోనని తొందరతొందరగా.

పుష్ప గోడకు ఆనుకొని, కాళ్ళు చాపుకొని, ఫోన్ ఒళ్ళో కుదురుగా పెట్టుకుంది.

"ఏం చేపలు?" అంది.